ఆదివారపు మోచేయి

సోమవారం నుంచి శనివారం దాకా బిక్షపతి మోచేతికి ఏ రోగమూ ఉండదు. కంపెనీలో అది తుప్పు పట్టిన నట్లను ఊడదీస్తుంది. ఇంట్లో నల్లా వచ్చిందంటే నిండు బిందెలు లేపుతుంది. ఉప్పల్ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ మొత్తం మనిషినే మోస్తుంది. ఆదివారం తెల్లారిందా, అదే మోచేయి మూలగడం మొదలుపెడుతుంది.

"అబ్బా... సలుపుతున్నదే" అంటూ గోడవైపు తిరిగి పడుకుంటాడు.

"గోడకు జెప్తున్నవా, నాకు జెప్తున్నవా?" అంటుంది ఆయన భార్య స్వర్ణలత.

"ఇద్దరికి."

"గోడ నమ్మిందట. నేను ఇంక ఆలోచిస్తున్న."

చెప్పుకుంటే నవ్వులాటగానే ఉంటుంది గానీ, అసలు సంగతి నవ్వేది కాదు. ఆ మోచేతికి ఒకప్పుడు నిజంగానే దెబ్బ తగిలింది. అది తగ్గేలోపల, ఆదివారాలు బిక్షపతితో ఆడే ఒకే ఒక్క మనిషి చచ్చిపోయాడు. ఆ మనిషి లేని మైదానంలోకి అడుగుపెట్టే ధైర్యం లేక, పోయిన నొప్పిని పోనివ్వకుండా పట్టుకుని కూర్చున్నాడు బిక్షపతి.

ఆడేది ఏ ఆటంటారా? గోల్ఫు. నవ్వకండి, నాచారంలోనే.

వాళ్లది పంపులకు విడిభాగాలు చేసే కంపెనీ. యజమాని జనార్ధనరావుకు గోల్ఫు పిచ్చి. షెడ్డు వెనక ఖాళీ జాగాలో నాలుగు గుంతలు తవ్వించాడు. గుంతల చుట్టూ పచ్చగడ్డి ఉండాలట. తాగడానికే ట్యాంకరు కోసం కొట్టుకునే చోట గడ్డికి నీళ్లెవరు పోస్తారు? అందుకని ఇసుకలో వాడేసిన మిషిన్ ఆయిలు కలిపి నున్నగా పరిపించాడు. ఆడేందుకు జత కావాలి కాబట్టి ఫోర్‌మన్ బిక్షపతికీ వెల్డర్ శాంతయ్యకూ డ్యూటీ వేసినట్టు ఆటను వేశాడు. కొన్నాళ్లకు పెద్దాయన మోకాళ్లు అరిగి ఇంటికి పరిమితమయ్యాడు. ఆయన పిచ్చి మాత్రం వీళ్లిద్దరికీ అంటుకుని అక్కడే ఉండిపోయింది.

శాంతయ్య పొద్దుటి ఆరాధన ముగించుకుని చర్చి నుంచి తెల్లచొక్కాతోనే వచ్చేవాడు. చివరి దెబ్బ కొట్టేముందు టోపీ తీసి పక్కన పెట్టేవాడు. బంతి బుద్ధిగా గుంతలో పడేది. బిక్షపతి టోపీ తీసినా, చెప్పులు తీసినా, చొక్కా తీసినా పడేది కాదు. అన్నేళ్లలో ఒక్కసారీ గెలవలేదు.

"ముసలోళ్లిద్దరు కట్టెలు వట్టుకొని గుంతలల్ల ఏం దేవులాడుతున్రో ఆ ఉప్పలమ్మ తల్లికే ఎరుక" అనేది స్వర్ణలత. అనేదే గానీ, ఆదివారం మధ్యాహ్నం ఇద్దరికీ అన్నం వడ్డించేది ఆమే.

అలాంటి ఒక ఆదివారం బిక్షపతి బంతిని వదిలేసి దాని పక్కనున్న బండను కొట్టాడు. బండకు ఏమీ కాలేదు. ఈయన మోచేయి బూరెలా పొంగింది. తాను చెప్పేదాకా కట్టె ముట్టొద్దన్నాడు దవాఖానాలో డాక్టరు.

కంపెనీలో తూనికలూ కొలతలూ చూసే మురళీధర్ అనే మేధావి ఒకడున్నాడు. ఇంగ్లీషు పేపరు చదువుతాడు కాబట్టి ఏ విషయమైనా చెప్పగలడు. "దెబ్బ తాకుడు నీ అదృష్టం అన్నా" అన్నాడు. "ఆట బంద్ వెడితే చెయ్యి దాని పాత తప్పులన్ని మర్చిపోతది. మళ్ల మొదలువెడితే కొత్త చెయ్యే. పెద్ద పెద్ద ఆటగాళ్లందరు గిట్లనే జేస్తరు."

ఈ మాట బిక్షపతి బుర్రలో పడి మొలకెత్తింది. చెయ్యి మర్చిపోవాలంటే కన్ను కూడా చూడకూడదు. నోరు కూడా ఆ మాట ఎత్తకూడదు. అప్పుడు పక్కాగా కొత్త చెయ్యి వస్తుంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి శాంతయ్యను ఓడించాలి. చివరి దెబ్బ వంతే రాక, ఆయన టోపీ ఆయన నెత్తి మీదే ఉండిపోవాలి. ఇదీ పథకం. పథకమన్నాక ఎవరికీ చెప్పకూడదు కదా, శాంతయ్యకు అసలే చెప్పలేదు.

పాపం ఆయన ఇంటికొచ్చి మరీ పిలిచాడు. "తమ్మీ, ఆడకుంటే ఆడకపోతివి. వచ్చి ఊకె రాయి మీద కూసో. ఇద్దరం ముచ్చట వెట్టుకుందం."

"వద్దన్నా. అక్కడికొస్తే చెయ్యి గుంజుతది."

"మనిషి తోడుంటే చాలు గదనే."

"చెయ్యి నొప్పి తక్కువైనంక వస్త."

శాంతయ్య చాయ్ తాగి, సరే అని లేచిపోయాడు. మరో ఆదివారం పిలిచినా ఇదే జవాబు. ఇంకో ఆదివారం రాకముందే, చలి ముదురుతున్న రోజుల్లో, శాంతయ్య పొద్దున నిద్ర లేవలేదు. గుండె నిద్రలోనే ఆగిపోయిందన్నారు.

సమాధుల తోటలో బిక్షపతి పిడికెడు మన్ను వేశాడు. చేతులు దులుపుకున్నాడు. ఇంటికొచ్చి స్నానం చేసి, పెట్టిందేదో తిని పడుకున్నాడు. కన్ను తడి కాలేదు. సోమవారం డ్యూటీకి పోయాడు. ఆదివారం రాగానే మోచేయి పట్టుకుని గోడవైపు తిరిగాడు.

స్వర్ణలతకు భయం పట్టుకున్నది అప్పుడే. ఏడిచేవాళ్లను ఓదార్చడం ఆమెకు వచ్చు. ఏడవనివాణ్ని ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. ఆదివారాలు గోడను చూసే మనిషి మెల్లగా మిగతా రోజుల్లో కూడా గోడనే చూస్తాడేమోనని దిగులు పడింది. అడిగితే మోచేయి అంటాడు. సరే, మోచేయి నుంచే మొదలుపెడదామనుకుంది.

మొదటి ఆదివారం వావిలాకు కాపడం. రెండో ఆదివారం ఆముదం రాసి కాచిన జిల్లేడాకు. ఆ తర్వాత పుత్తూరు కట్టు. చెయ్యి మీద నల్లటి ముద్ద, దాని మీద కోడిగుడ్డు సొన, దాని మీద గుడ్డ. కట్టుతో బస్సెక్కితే కండక్టరు టికెట్టు కూడా అడక్కుండా దూరంగా జరిగాడట.

"తక్కువైందా?" అంది స్వర్ణలత.

"జర్రంత."

"అయితే వాతమే. పత్తెం ఉండాలె. వంకాయ బంద్. ఆలుగడ్డ బంద్. మటన్ బంద్."

"మోచేతికి మటన్‌కు ఏం సంబంధమే?"

"మోచేతికి ఆదివారానికి ఏం సంబంధమో, గదే సంబంధం."

బిక్షపతి నోరు మూసుకుని బీరకాయ తిన్నాడు. పక్కింట్లోంచి మసాలా వాసన వస్తుంటే గోడవైపు తిరిగాడు. అయినా నొప్పి పూర్తిగా తగ్గిందని మాత్రం అనలేదు. ఆ పట్టుదల చూసి స్వర్ణలత మనసులోనే దండం పెట్టింది. మటన్ వదులుకున్నాడంటే మనిషి లోపల ఎంత నలిగిపోతున్నాడో ఆమెకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. చీర మార్చుకుని నేరుగా శాంతయ్య ఇంటికి పోయింది.

శనివారం సాయంత్రం బిక్షపతి డ్యూటీ నుంచి వచ్చేసరికి ఇంట్లో చాప పరిచి ఉంది. చాప మీద శాంతయ్య భార్య మార్తమ్మ, ఆమెతో పాటు చర్చి నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు.

"రా తమ్మీ, కూసో. నీ చెయ్యి ఇంక తక్కువైతలేదట గద. ప్రార్థన జేద్దమని వచ్చినం."

బిక్షపతి తలుపు దగ్గరే ఆగాడు. "ఎందుకు వదినె, మీరే దుఃఖంల ఉన్నరు..."

"మనసు బాగలేనోళ్ల ప్రార్థనే దేవుడు ముందు ఇంటడు. చెయ్యియ్యి."

ఇచ్చాడు. మార్తమ్మ రెండు చేతులూ మోచేతి మీద పెట్టి కళ్లు మూసుకుంది. "ప్రభువా, నీ బిడ్డ బిక్షపతి మోచేతిని ముట్టుము తండ్రీ. నా భర్త ఈ తమ్ముని కోసము ప్రతి దినము నీ సన్నిధిలో మోకరించినాడు తండ్రీ. ఆయన అడిగిన మేలు ఈ దినమున దయచేయుము..." అంటూ ఆపకుండా ప్రార్థన చేసింది. ఏ నొప్పీ లేని మోచేతి మీద ఆమె కన్నీళ్లు టపటపా పడ్డాయి. బిక్షపతి చెమటతో తడిసిపోయాడు. బండను కొట్టిన రోజు కూడా ఆ చెయ్యి అంత బరువుగా లేదు.

ఆమేన్ అయిన తర్వాత అందరూ ఆయన మొహంలోకి చూశారు.

"ఎట్లున్నది తమ్మీ?"

తగ్గలేదంటే విధవరాలి ప్రార్థన వృథా పోయినట్టు. తగ్గిందంటే రేపు ఆదివారం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"తక్కువైంది వదినె."

"పూరాగనా?" వంటింట్లోంచి స్వర్ణలత.

"పూరాగనే."

"స్తోత్రం!" అని అందరికంటే ముందు అరిచింది స్వర్ణలత. ఏటేటా బోనమెత్తే మనిషి నోట ఆ మాట విని చర్చి ఆడవాళ్లే ఉలిక్కిపడ్డారు.

"అయితే రేపు నన్ను గూడ తీస్కపో తమ్మీ" అంది మార్తమ్మ కళ్లు తుడుచుకుంటూ. "ఆయన కడపట ఆదివారాలన్ని కూసున్న జాగ ఒకసారి సూస్త."

"కూసున్నదేంది వదినె? ఆడుతుండె గద?"

"యాడాడిండు! నీ చెయ్యికి దెబ్బ తాకిన కాంచి ఆయన కట్టె ముట్టలే. పొయ్యేది, రాయి మీద కూసొని వచ్చేది. ఊకె కూసునేటందుకు గంత దూరం ఎందుకయ్యా అని కోపం జేసిన. 'బిక్షపతి ఇంట్ల వడి ఉన్నడు. నేనొక్కన్నే ఆడుకుంట పోతే ఆయన ఎనుకవడ్తడు. ఇద్దరం ఒక్కతీరుగ మొదలువెడితెనే అది ఆట' అన్నడు."

బిక్షపతి మంచినీళ్లు తాగి వస్తానని వంటింట్లోకి పోయి, గ్లాసు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆ పిచ్చి మనిషిని దొంగచాటుగా ఓడించాలని తాను ఇంట్లో దాక్కుంటే, తనకంటే ముందుకు పోకూడదని ఆయన రాయి మీద కూర్చున్నాడు. పిలిచినప్పుడు పోయి పక్కన కూర్చుంటే ఏం పోయేది? ఈ ప్రశ్న ఇక ఎవరిని అడగాలో తెలియలేదు. స్వర్ణలత వచ్చి చేతిలోంచి నిండు గ్లాసు తీసుకుంది.

పొద్దున ముగ్గురూ మైదానానికి వెళ్లారు. పిచ్చి తుమ్మలు మోకాలి ఎత్తు లేచాయి. గేటు దగ్గర గుంత ఒక్కటే కాస్త కనిపిస్తోంది. మార్తమ్మ రాయి మీద కూర్చుని, పక్కన ఇంకొకరికి జాగా ఉన్నట్టే ఓ వైపుకు జరిగింది.

బిక్షపతి కట్టె పట్టాడు. ఊపాడు. గాలి మాత్రం బాగా తగిలింది, బంతి అక్కడే ఉంది. రెండోసారి ఊపాడు. బంతి పక్కకు దొర్లి చెప్పు కింద దూరింది. మురళీధర్ చెప్పినట్టే చెయ్యి తప్పులన్నీ మర్చిపోయింది. వాటితో పాటు ఆటను కూడా మర్చిపోయింది.

"రెస్టు దీస్కుంటే ఆట మస్తు మంచిగైతదంటివి?" అంది స్వర్ణలత. ఆ సిద్ధాంతం ఆమె చెవిన ఎప్పుడు పడిందో ఏమో.

"మురళీధర్ అన్నడు."

"ఇటియ్యి."

"గది నీకు రాదే..."

ఆమె కొంగు నడుముకు దోపుకుని, కట్టెను రోకలి పట్టినట్టు పట్టుకుని, ఒక్కటిచ్చింది. బంతి రాళ్ల మీద ఎగిరి, తుమ్మల మధ్య నుంచి దూరి, నూనె ఇసుక మీద తీరుబడిగా దొర్లుకుంటూ పోయి, గుంత అంచున ఒక్క క్షణం ఆలోచించి, లోపల పడింది.

"మరి నేను పుట్టిన కాంచి రెస్టులనే ఉంటి గద" అంది స్వర్ణలత కట్టె తిరిగి ఇస్తూ.

ముందు మార్తమ్మ నవ్వింది. భర్త పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూసి బిక్షపతికీ ఆగలేదు. పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతూ, రాయి వైపు తిరిగి, "సూసినవా శాంతన్నా!" అన్నాడు.

అనేశాక తెలిసింది ఏమన్నాడో.

ఇసుకలో కూలబడ్డాడు. ఇన్నాళ్లూ రాని ఏడుపంతా ఒక్కసారే వచ్చింది. పసిపిల్లవాడిలా, నోరు తెరిచి, సిగ్గు లేకుండా ఏడ్చాడు. "పిలిచిండే... ఇంటికొచ్చి పిలిచిండే... పోకపోతినే" అని మళ్లీ మళ్లీ అదే మాట. మార్తమ్మ రాయి మీంచి లేవబోయింది.

"ఏడ్వనీ అక్కా" అంది స్వర్ణలత. "దీని కోసమే గద నేను ఇన్ని దినాలు తిప్పలు వడ్డది."

ఊరడించలేదు, వద్దనలేదు. చీర పాడవుతుందని కూడా చూడకుండా ఆ నూనె ఇసుకలోనే ఆయన పక్కన చతికిలబడి, వీపు మీద చెయ్యి వేసి ఊరుకుంది. ఎండ నెత్తి మీదికి వచ్చింది.

చాలాసేపటికి బిక్షపతి ముక్కు చీదుకుని తలెత్తాడు. "నొప్పి లేదని నీకు ముందుగాల్నే ఎరుకనా?"

"నొప్పి ఉన్నదనే ఎరుక. మోచేతిల లేదని గూడ ఎరుక."

"మరి పుత్తూరు కట్టు ఎందుకు గట్టిచ్చినవే?"

"అబద్ధమాడినందుకు."

ఆయన గుంత వైపు చూశాడు. "నాకు మళ్ల ఆడుడు రాదేమోనే."

"రాకుంటే రాకపాయె. ఆదివారమైతే మళ్ల వస్తది గద" అంటూ ఆమె లేచి చీర దులుపుకుంది.

ఆ మైదానంలో ఒక పద్ధతి ఉంది. ఓడినవాడు ఇద్దరి కట్టెలూ మోయాలి. బిక్షపతి అన్నేళ్లూ మోసింది అలాగే. స్వర్ణలతా మార్తమ్మా మాట్లాడుకుంటూ ముందు నడుస్తుంటే, ఆయన తన కట్టెనూ, రాయి వెనక సంచిలో ఆనించి ఉన్న శాంతయ్య కట్టెనూ భుజాన వేసుకుని, వాళ్ల వెనక మెల్లగా నడిచాడు.