ఏదుకొండలు ఇంటి మీద పడ్డ అభిమానం

ఒక పెద్ద అడవిలో పులి చచ్చిపోయి మూడేళ్లయినా కొత్త రాజును ఎన్నుకోవడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. అందరికీ సినిమాలు ఉన్నాయి మరి. కొండ కింద గుహలో తెర కట్టి రోజుకు మూడు ఆటలు వేసేవారు.

ఆ గుహకు సినిమాలు తీసిచ్చేవాడు సుగంధరావు అనే పునుగుపిల్లి. మాట ఘుమఘుమలాడేది కానీ చెయ్యి మాత్రం ఎప్పుడూ ముడుచుకునే ఉండేది. ఒకసారి అతను "గడప దాటనివ్వను" అనే సినిమా మొదలుపెట్టాడు. కథ చాలా చిన్నది. ఒక ఏదుపంది, అంటే ముళ్లపంది, పెళ్లాం పిల్లలతో బొరియలో ఉంటుంది. రేచుకుక్కల గుంపు వచ్చి ఇంటిని చుట్టుముడుతుంది. ఆ ఏదుపంది ఒంటరిగా గుంపునంతా తరిమికొడుతుంది. అంతే కథ.

హీరోగా ఏదుకొండలు అనే నిజం ఏదుపందినే తీసుకున్నాడు. సెట్టు వెయ్యడానికి చెయ్యి రాక అతని సొంత ఇంట్లోనే షూటింగ్ పెట్టాడు.

"మీ ఇల్లు ఎంత సహజంగా ఉందమ్మా!" అన్నాడు ఏదుకొండలు భార్య రాజ్యంతో.

"మేం ఉండే ఇల్లు కదండీ, అలాగే ఉంటుంది," అంది రాజ్యం. "ముందు గుమ్మం సినిమాలో చూపించారు, సరే. పొద చాటున ఉన్న దొడ్డిదారి కూడా ఎందుకండీ చూపించడం? ఆపదొస్తే మేం తప్పించుకునే దారి అదొక్కటే."

"క్లైమాక్స్ అక్కడే కదమ్మా!"

ఏదుకొండలు భార్య వెనకాల నిలబడి కాలితో మట్టి గీకుతున్నాడు. స్వతహాగా మెత్తనివాడు. ఎక్కడైనా పుల్ల విరిగిన చప్పుడైతే ముందు రాజ్యం ఎక్కడుందో చూసుకుని ఆమె వెనక్కి చేరేవాడు. ఇక అతను కోపంతో ముళ్లు విప్పే షాట్ ఎలా తియ్యాలి? ఆ సమస్యను సుగంధరావు మిరియాల పొడితో పరిష్కరించాడు. ఏదుకొండలు తుమ్మాడు. ముళ్లన్నీ ఒక్కసారిగా లేచాయి.

రేచుకుక్కలు అడవి దాటి వాగు అవతల ఉంటాయి. వాటిని పిలిచే ధైర్యం ఎవరికీ లేదు కనుక మూడు మేకలకు ఎర్రమట్టి పూసి దింపారు. ఆ మూడే పొద చుట్టూ తిరిగి తిరిగి ముప్పైలా కనిపించాయి. దాడి మధ్యలో ఒక మేకకు ఆకలేసి పొద ఆకు నమిలింది. మళ్లీ తియ్యడం ఎందుకని సుగంధరావు అలాగే ఉంచేశాడు.

సినిమా విడుదలైంది. గుహ దద్దరిల్లిపోయింది.

"ఆ విలన్ ఆకు నములుతూ నిలబడ్డాడు చూశావా? లోపల ప్రాణాలు పోతుంటే ఎంత నిర్లక్ష్యం! విలనంటే అలా ఉండాలి," అంది ఒక ఉడత, కళ్లు తుడుచుకుంటూ.

"ముళ్లు విప్పే ముందు అన్నయ్య మొహం చూడు. కోపం, బాధ, పౌరుషం, మూడూ ఒక్కసారే!" అన్నాడు భద్రం అనే కొండముచ్చు. అతను అప్పటికే పంతొమ్మిదిసార్లు చూశాడు. "ఏదుకొండలు అభిమాన సంఘం" పెట్టి, తనే అధ్యక్షుడై, వీపుకు చీపురుపుల్లలు కట్టుకుని తిరిగేవాడు. వారం తిరక్కుండా కోతులన్నీ చీపురుపుల్లలతోనే కనిపించాయి.

ఒక ముసలి కుందేలు మాత్రం మళ్లీ మళ్లీ వచ్చి ముందు వరసలో కూర్చునేది. దాని ఇంటిని నక్కలు తవ్వేసి ఏడాదైంది. "ఇంట్లో ఉన్నవాడు గెలవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు నాయనా," అందట టిక్కెట్లు చింపే తొండతో.

సమీక్షలు రాసే గుడ్లగూబ పేరు దివాంధం పంతులు. పగటి ఆటకు వచ్చి కళ్లు మూసుకుని చూశాడు. "మొదటి సగం బిగువుగా ఉంది. రెండో సగంలో చీకటి ఎక్కువైంది. ఐదుకి రెండుముప్పావు," అని రాశాడు.

మూడో వారానికి గుహ ఖాళీ అయింది. సుగంధరావు ఆలోచించి ఏదుకొండలును పక్కకు పిలిచాడు.

"శుక్రవారం పొద్దున్నే మేకలు మీ ఇంటి మీద పడతాయి. నిజం దాడిలాగే ఆడిద్దాం, జనం చూస్తారు. మీరు బయటికొచ్చి ఒకసారి తుమ్మండి చాలు. సినిమా ఇంకో నెల ఆడుతుంది."

"రాజ్యంతో ఓ మాట..."

"ఆమెకు తెలిస్తే మొహంలో సహజత్వం ఉండదండీ."

ఏదుకొండలు ఒప్పుకున్నాడు. ఎవరు అడిగినా ఒప్పుకోవడం అతని అలవాటు. సుగంధరావు అటునుంచి భద్రం దగ్గరికి వెళ్లి, "నీకొక్కడికే చెబుతున్నా, శుక్రవారం పొద్దున మేకలతో అన్నయ్య ఇంటి దగ్గరే ఆట, పైకి పొక్కనివ్వకు," అని చెవిలో ఊదాడు. మధ్యాహ్నానికి ఈ రహస్యం తెలియని జీవి అడవిలో లేదు, ఒక్క రాజ్యం తప్ప.

ఈలోగా ఆ సినిమాను వాగు అవతలి రేచుకుక్కలు కూడా, ఖాళీ గుహలోకి రాత్రి ఆటకు దూరి, చూసి వెళ్లాయి. వాటి నాయకుడు కెంపయ్యకు నిద్ర పట్టలేదు.

"మా వేషం మేకల చేత కట్టిస్తారా? ఆకులు తినిపిస్తారా? మా జాతి మనోభావాలు దెబ్బతిన్నాయి!" అని గుంపును పోగేశాడు. "పైగా ఆ ఇంటికి ముందు గుమ్మం ఎక్కడో, దొడ్డిదారి ఎక్కడో, పిల్లలు ఏ గదిలో పడుకుంటారో శుభ్రంగా చూపించారు. పదండి."

శుక్రవారం పొద్దున ఏదుకొండలు గుమ్మం దగ్గర అడుగుల చప్పుడైంది. అతను నవ్వుతూ తల బయటపెట్టాడు.

"అప్పుడే వచ్చేశారే! మట్టి బాగా పట్టించారు. ఈసారి నిజం కుక్కల్లాగే..."

కెంపయ్య పళ్లు బయటపెట్టాడు. మేకలకు అలాంటి పళ్లుండవని ఏదుకొండలుకు ఆ క్షణంలో గుర్తొచ్చింది. వెనక్కి దూకి రాజ్యం మీద పడ్డాడు.

"కుక్కలు! నిజం కుక్కలు!"

రాజ్యం ఇంకో మాట అడగలేదు. "పిల్లల్ని పట్టుకుని మూల గదిలో కూర్చో," అని గుమ్మం వైపు వీపు తిప్పి, నడుము మీది ముళ్లన్నీ నిక్కబొడిచి, దారిని బిరడా వేసినట్టు మూసేసింది. మొదట దూకిన కెంపయ్య ముక్కులో నాలుగు ముళ్లు దిగాయి. అడవంతా వినపడేలా అరిచాడు.

ఆ అరుపుకు చుట్టూ చెట్ల మీంచి చప్పట్లు మోగాయి.

తెల్లవారక ముందే అభిమానులు వచ్చి కూర్చున్నారు. కొమ్మల నిండా కోతులు, కింద కుందేళ్లు, ఉడతలు, జింకలు. దొడ్డిదారి దగ్గరైతే కాలు పెట్టడానికి చోటు లేదు. క్లైమాక్స్ అక్కడే కదా!

ఏదుకొండలు గాలి కన్నం దగ్గర మూతి పెట్టి అరిచాడు. "బాబూ, భద్రం! ఇవి మేకలు కావయ్యా! నా పిల్లలున్నారు లోపల! కాపాడండి!"

"అబ్బ, గొంతులో ఆ వణుకు విన్నారా!" అన్నాడు భద్రం. "సినిమాలో కన్నా బాగా చేస్తున్నాడు అన్నయ్య!"

అందరూ ఈలలు వేశారు. లోపల ఏదుకొండలు పిల్లలిద్దరినీ పొట్ట కింద పెట్టుకుని ఏడ్చాడు.

ముందు గుమ్మం కుదరక కుక్కలు దొడ్డిదారికి పరుగెత్తాయి. అక్కడ జనాన్ని దాటి వెళ్లడం వాటి వల్ల కాలేదు.

"ఏయ్, కూర్చోవయ్యా! వెనక మాకు కనపడొద్దా?" అంది ఒక జింక, కెంపయ్యతో.

"తప్పుకోండి! మేం రేచుకుక్కలం! చంపడానికి వచ్చాం!"

దివాంధం పంతులు కొమ్మ మీద ఒక కన్ను తెరిచాడు. "అలా నోటితో చెప్పకూడదు నాయనా, చూపించాలి. అరుపులో జీర లేదు. నడకలో బరువు లేదు. ఆ ముక్కులో ముళ్లు మరీ అతి."

"మేకలే నయం," అంది ఉడత.

"ఔను, మేకలే నయం!" అని అందరూ అందుకున్నారు.

కెంపయ్య ఇరవై వేటలు చేసినవాడు. అతన్ని చూసి పారిపోయినవాళ్లే కానీ, పెదవి విరిచినవాళ్లు ఇంతవరకు లేరు. "ఏదీ, ఇంకోసారి అరవనా?" అని తన గుంపునే అడిగాడు.

సరిగ్గా అప్పుడు ఎర్రమట్టి పూసుకున్న మూడు మేకలు, చెప్పిన సమయానికే, పొద మలుపు తిరిగాయి. ఎదురుగా నిజం కుక్కలు. మేకలకు పారిపోవడానికి కాళ్లు రాలేదు. భయంతో ఏం చెయ్యాలో తోచక ఒక మేక పక్కనున్న ఆకు అందుకుని నమలడం మొదలుపెట్టింది.

అడవి హోరెత్తిపోయింది. పూలు, కాయలు, చీపురుపుల్లలు మేకల మీద కురిశాయి. కుక్కల గుంపులో ఒక కుర్ర కుక్క తోకాడిస్తూ ముందుకొచ్చింది. "అన్నా, ఆకు నమిలినాయన ఈయనే! అచ్చం తెర మీద ఉన్నట్టే ఉన్నాడు!" అంది. దాని వెంట ఇంకో నాలుగు వెళ్లి మేకల చుట్టూ మూగాయి.

కెంపయ్య వాటి వైపు ఒకసారి చూసి, ముక్కులో ముళ్లతో, ఒంటరిగా వాగు దారి పట్టాడు. కాసేపటికి సిగ్గుపడి మిగతా కుక్కలూ అతని వెనకే వెళ్లాయి.

రాజ్యం గుమ్మం లోంచి బయటికొచ్చి కూలబడింది. ఒళ్లంతా గాట్లు. "పోయాయి. పిల్లలు బాగున్నారా?" అంది లోపలికి.

"ఇదేంటి, అయిపోయిందా?" అన్నాడు భద్రం. "హీరో ఒక్కసారి కూడా బయటికి రాలేదు! కొట్టిందంతా హీరో భార్యే!"

"ముళ్లు విప్పే సీను ఏది?" అన్నాడు ఎవరో.

"ఏదీ? ఏదీ? విప్పాలి! విప్పాలి!"

చెట్ల చాటున ఉన్న సుగంధరావు వైపు అందరూ తిరిగారు. జనాన్ని ఆపే బదులు, "లోపలే ఉన్నారు, చూసుకోండి!" అని తప్పించుకున్నాడు. కోతులు ఇంటి పైకెక్కి, హీరోను చూడటానికి తలా ఒక కన్నం తవ్వాయి. దాంతో కుందేళ్లు పక్కల నుంచి తవ్వాయి. ముసలి కుందేలు ఒక్కటే, "వద్దర్రా, ఇల్లురా అది, నిజం ఇల్లు!" అని అడ్డం పడింది. ఎవరూ వినలేదు. కుక్కలు ఒక్క పిడికెడు మట్టి కదిలించలేని ఇల్లు అరగంటలో కూలి గొయ్యి అయింది.

అది కూలక ముందే రాజ్యం లోపలికి దూరి మొగుణ్ణి, పిల్లల్ని దొడ్డిదారిన బయటికి లాగింది. నలుగురూ జనం మధ్య నుంచే నడిచి వెళ్లారు. అందరి చూపూ పైన తవ్వుతున్న కన్నాల మీదే ఉంది. ఏదుకొండలు భుజం తగిలితే ఉడత విసుక్కుంది. "కాస్త పక్కకు జరగవయ్యా, అన్నయ్య వచ్చే టైమైంది, అడ్డమొస్తున్నావు."

ఏదుకొండలు పక్కకు జరిగాడు. నాలుగడుగులు వేశాక ఆగి, భార్య వైపు తలెత్తి చూడలేక, "ఇకమీదట గుమ్మం దగ్గర నేను పడుకుంటా," అన్నాడు.

"ముందు గుమ్మం దొరకనీ," అంది రాజ్యం.

నీతి: శత్రువులు చుట్టుముడితే తలుపు వేసుకోండి, అభిమానులు చుట్టుముడితే ఇల్లే వదిలేసి వెళ్లండి.