తప్పు లేని ఒక్క నిమిషం

తప్పు చేయడం మనిషి హక్కు. దాన్ని మూడు ప్రతుల్లో రాసివ్వడం మాత్రం వయోజనులకు సినిమా తియ్యడం నేర్పే శిక్షణ కేంద్రంలో చేరినవాళ్ళ విధి. అక్కడ పాఠం ఒక్కటే. ఏదో ఒకటి తియ్యాలి, అందులో తమ తప్పు తామే వెతుక్కోవాలి, అలా ఎందుకు చేశామా అని బాగా ఆలోచించి ఫారం నింపాలి. (కెమెరాలు రెండు. ఫారాలకు ఒక గది.)

ఆ క్లాసులో బట్టలు కుట్టే ఒకామె ఉండేది. నోరు తెరిస్తే ‘ఏమన్నా అయితే గియితే’ అంటుంది కాబట్టి అందరికీ గియితే అమ్మ అయిపోయింది. ఆమె చేరింది ఒకే ఒక్క నిమిషం కోసం. కూతురు సోమవారం తొలిసారి సిటీ బస్సు నడపబోతోంది. అది తీసి దాచుకోవాలి.

సోమవారం కేంద్రంవాళ్ళ కెమెరాను నాడాతో మణికట్టుకు కట్టేసుకుంది. మూడు బ్యాటరీలు, ఒక గొడుగు, అది విరిగితే ఇంకో గొడుగు. బస్సు ముందే వచ్చేస్తుందేమోనని గంట ముందు నుంచీ స్టాపులో నిలబడింది. (సిటీ బస్సు. ముందే. ఆమె భయాలకు హద్దు లేదు.) బస్సు మలుపు తిరిగింది. స్టీరింగు వెనక కూతురు అమ్మను చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వి, రెండుసార్లు హారన్ కొట్టింది. బొమ్మ అదరలేదు. అంతా కెమెరాలోకి వచ్చింది.

కేంద్రంలో తప్పుల పర్యవేక్షకుడు అది చూసి మొహం మాడ్చుకున్నాడు.

“ఏంటమ్మా ఇది? ఒక్క తప్పన్నా లేదు!”

“భయపడుతూ తీశాను కదండీ.”

“తప్పు లేకపోతే ఫారంలో ఏం రాస్తారు? పధ్నాలుగో నియమం ప్రకారం చెరిపేసి మళ్ళీ తియ్యాలి.”

“అయ్యో, మొదటి రోజు మళ్ళీ రాదు కదండీ!”

“రెండో రోజు వస్తుందిగా. దాన్నే మొదటి రోజు అనండి. అదో తప్పు. రెండు మార్కులు వేస్తాను,” అంటూ చెరిపే మీట నొక్కేశాడు.

ఫెయిలైతే గియితే ఇక కెమెరా ముట్టుకోనివ్వరేమోనని, మర్నాడు ఆయన చెప్పినట్టే తీసింది, పైగా తప్పులు తగ్గకుండా లెన్సు మూత కూడా తియ్యలేదు. నిమిషం పాటు చీకటి, అందులో హారన్ మోత, “మెల్లిగా తల్లీ, మలుపు, మలుపు!” అనే ఆమె గొంతు. తర్వాత ఫారంలో తన తప్పుల గురించి ఆరు పేజీలు రాసింది. కేంద్రం చరిత్రలోనే ఇంత లోతైన చీకటి ఎవరూ తియ్యలేదని తీర్మానించి మొదటి బహుమతి ఇచ్చారు.

ప్రదర్శనకు కూతురు యూనిఫాంలోనే పరుగెత్తుకొచ్చింది. తెర నల్లగా నిండింది. హాలంతా చప్పట్లు.

“అమ్మా, ఇందులో నేనేదీ?”

“నాలుగో పేజీలో ఉన్నావే,” అంది అమ్మ, సర్టిఫికెట్ నలిగిపోతుందేమోనని రెండు చేతులా పట్టుకుని. “మూడో తప్పు కింద.”