మొహమాటం తెలియని రోబో

ఈ వ్యవహారంలోకి దిగినప్పుడు నా చేతిలో ఉన్నవి ఇవి: ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కమీషన్ కొట్టు ఒకటి, ఎమ్మిగనూరు రోడ్డులో కొత్తగా కట్టిస్తున్న, ఇంకా పాలు పొంగించని గోడౌను ఒకటి, నా పనిలో తప్పు దొర్లదన్న గట్టి నమ్మకం ఒకటి. చివరికి ఏం మిగిలిందో చివర్లోనే చెబుతాను. సరుకు దిగకముందే లాభం చెప్పేవాడు వ్యాపారి కాడు.

ముందు అసలు మాట. మనకు కొత్త రోడ్లు వద్దు, కొత్త రైళ్ళు వద్దు. ఊరికొక తప్పులు పట్టే రోబో కావాలి!

నవ్వకండి. అలాంటిది నిజంగానే ఉంది. దాన్ని చూడలేదు గానీ, అది రాసిన ఉత్తరం నా కళ్ళతో చూశాను.

మా తమ్ముడి కూతురు పల్లవి బెంగళూరు కంపెనీ ఉద్యోగాన్ని మా మేడ మీది గదిలో కూర్చుని చేస్తుంది. ఆమె పని కెర్నల్ మీద. కెర్నల్ అంటే ఏమిటమ్మా అని అడిగాను. కంప్యూటర్‌లో యంత్రానికీ, మనం వాడే ప్రోగ్రాములకీ మధ్య నిలబడి ఎవరికి ఎంత, ఎప్పుడు అందాలో చూసేదట. అంటే కమీషన్ ఏజెంటు! మా వృత్తి కంప్యూటర్ లోపలికి కూడా పోయిందని ఆ రోజంతా యార్డులో ఛాతీ విరుచుకుని తిరిగాను.

ఈ కెర్నల్‌ను లోకంలోని వేలమంది కలిసి రాస్తారు. ఎవరు ఏ మార్పు చేసినా అందరికీ కనపడేలా మెయిల్ పెట్టాలి. పల్లవి తన మొదటి మార్పు పెట్టిన రోజు మా ఆవిడ మహాదేవి పాయసం చేసింది. పాయసం గిన్నె కడగకముందే జవాబు వచ్చింది. మీ మార్పు బిల్డ్ కావడం లేదు అని! అంటే, రాసినదాన్ని యంత్రం నడిపే రూపంలోకి కట్టబోతే మధ్యలోనే ఆగిపోతోందట.

రాసింది మనిషి కాదు, రోబో. ఎవరు ఏ మార్పు పంపినా అది పట్టుకుపోతుంది. పెద్ద యంత్రం, చిన్న యంత్రం, పాత సామాన్ల అంగడికి చేరిన యంత్రం, అన్నింటి కోసం ఆ మార్పును బిల్డ్ చేసి చూస్తుంది. ఎక్కడ ఆగితే అక్కడ ఫైలు పేరు, లైను నంబరు, తప్పును మీరే మళ్ళీ ఎలా చూసుకోవచ్చో ఆ పద్ధతి, అన్నీ రాసి పంపుతుంది. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడగదు. మీరు మావాళ్ళు కాబట్టి చెబుతున్నా అనదు.

నాకు ఒళ్ళు మండింది. ఆడపిల్ల మొదటి పని, పాయసం కూడా అరగలేదు, తప్పు పట్టేదా?

“ఎవురమ్మా వాడు? నంబరియ్యి. మనోళ్ళ చేత మాట్లాడిస్తా” అన్నాను.

“వాడు కాదు పెద్దనాయనా, అది. దానికి మనోళ్ళు ఎవురూ లేరు” అంది పల్లవి.

మనోళ్ళు లేకుండా ఉద్యోగం ఎలా వచ్చిందో దానికి!

ఇంతకీ జరిగిన పొరపాటు ఇది. పల్లవి లాప్‌టాప్‌లో ఒక సౌకర్యం ఆన్‌లో ఉంది. దాన్ని నమ్ముకుని రాసింది. అది ఆఫ్‌లో ఉన్న యంత్రానికి బిల్డ్ చేయబోతే, ఆమె పిలిచిన పని అక్కడ లేనేలేదు. ఎమ్మిగనూరు యార్డులో నిలబడి ఆదోని హమాలీని పేరుపెట్టి కేకేసినట్టు. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. లేదు! కూర్చుని దిద్దింది, మళ్ళీ పంపింది. ఈసారి రోబో నోరు మెదపలేదు. దాని మెప్పు అంతేనట. తప్పు చూపినందుకు అది అడిగేది కూడా ఒక్కటే, దిద్దినప్పుడు చూపినవారి పేరు నాదని ఒక ముక్క రాయమని. కమీషన్ లేదు, కాఫీ లేదు. ఇలాంటిది మా యార్డుకు వస్తే మా గతేం కాను?

అయినా పల్లవి మీద జాలి పడ్డాను. ఎందుకంటే నేనూ ఆ రోజుల్లోనే గోడౌను కట్టిస్తున్నాను. చూడ్డానికి ఊరంతా వచ్చింది. ఒక్కరు ఒక్క తప్పు పట్టారా? గేటు మీద ఆర్చి పెట్టించాను. దాని మీద లక్ష్మీదేవి, అటొక ఏనుగు, ఇటొక ఏనుగు. మేస్త్రీ శేషప్ప దూరం నుంచి చూసి కళ్ళకద్దుకున్నాడు. ఎమ్మిగనూరులో బట్టల కొట్టున్న నా చిన్ననాటి స్నేహితుడు బసప్ప నడుము మీద చేతులు పెట్టుకుని, తల పైకెత్తి చాలాసేపు చూసి, “బాగుండాదప్పా” అన్నాడు. మద్దికెర నుంచి వచ్చిన బంధువులూ అదే అన్నారు. నేను రోజూ నా కారు ఆ ఆర్చి కిందనే లోపలికి తోలుకుపోయాను. ఎక్కడా తగల్లేదు.

“చూడమ్మా, నీదాన్ని ఒక్క రోబో చూసింది. నాదాన్ని ఊరు ఊరే చూసింది” అని పల్లవితో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ప్రారంభం రోజు వచ్చింది. పాలు పొంగాయి. ఆలూరు వైపు రైతుల పత్తి మూటలతో మొదటి లారీ రావాలి. వచ్చింది. దాని వెనకే మబ్బూ వచ్చింది. నన్ను నమ్మి పంపిన పత్తి అది. తడిసిందా, రంగు మారుతుంది. రంగు మారిందా, ఆలూరులో నా పేరూ మారుతుంది.

డ్రైవరు ఎర్రిస్వామి లారీని నెమ్మదిగా ఆర్చి కిందికి తెచ్చాడు. పై వరుస మూటలు పోయి లక్ష్మీదేవి పాదాల కింద ఆర్చికి తగిలాయి. లారీ ఆగింది. భజంత్రీలూ ఆగాయి. ఎర్రిస్వామి కిందికి దిగి, పైకి చూసి, “పోదన్నా” అన్నాడు.

ఏ ఫైలో, ఏ లైనో, అంతా ఒక్క మాటలో! మా పశ్చిమ తాలూకాల్లో రోబోకు దగ్గరి చుట్టం ఎవరైనా ఉంటే అతనే.

ఇక చూడండి, ఒక్కొక్క నోరూ తెరుచుకుంది. ఎత్తు చాలదని పిల్లర్లు లేచినప్పుడే అనుకున్నానన్నాడు ఒకాయన. ఆర్చి సెంట్రింగు చూసి ఇంటికి పోయి భార్యతో చెప్పానన్నాడు ఇంకొకాయన. ఆయన భార్య దగ్గరుండి సాక్ష్యం పలికింది. టీ కొట్టు దగ్గర ఈ లారీ సంగతి ముందే పందెం కూడా కాశారట! ఊరంతటికీ తెలిసిన రహస్యం ఒక్క ఓనరుకు తెలియదు.

శేషప్పను నిలదీశాను. అతను తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు.

“పునాది దినమే అనుకొన్యానన్నా. శుభమా అని నువ్వు లక్ష్మీదేవిని ఎత్తించుకుంటాంటే, లారీ తగుల్తాది అని యా నోటితో సెప్పేది?”

అదీ సంగతి! మా వైపు శుభకార్యం ముందర తప్పు చెప్పడం అపశకునం. కూలిపోయాక చెప్పడం ఆప్యాయత.

చినుకు పడింది. హమాలీలతో పాటు పట్టుపంచెలూ కదిలాయి. మూటలు రోడ్డు మీదనే దించి లోపలికి మోశాం. బసప్ప కూడా మోశాడు పాపం. పెద్ద వాన అందుకునే సరికి ఆఖరి మూట గడప దాటింది. పత్తి దక్కింది, ఆలూరులో పేరూ దక్కింది, బసప్ప కొత్త చొక్కా మాత్రం దక్కలేదు.

పల్లవి నా పక్కన కూర్చుని తల తుడుచుకుంటూ, “యా బండితో సూసినావు పెద్దనాయనా?” అంది.

“నా కారుతో.”

“నేనూ నా లాప్‌టాప్‌తోనే సూసినా” అంది. నవ్వలేదు. అందుకే ఆ పిల్లంటే నాకు గౌరవం.

ఆర్చి కొడదామంటే పైన లక్ష్మీదేవి. సుత్తి ఎత్తే మనిషి దొరకలేదు. అందుకని పైది దించలేక కిందిది దించాను, అంటే గేటు దగ్గర నేల తవ్వించాను. లారీ ఇప్పుడు హాయిగా పోతుంది. వాన పడితే మాత్రం అక్కడ నీళ్ళు నిలిచి బర్రెలు వచ్చి పడుకుంటున్నాయి. ఒకటి దిద్దబోతే ఇంకొకటి పుట్టడం కెర్నల్‌లోనూ ఉందట. అందుకే దిద్దినదాన్ని కూడా రోబో మళ్ళీ మొదటి నుంచి చూస్తుందట.

ఇప్పుడు చెప్పండి, ఊరికొకటి వద్దా? కొత్త రోడ్డు వేసిన వారానికే పైపు కోసం తవ్వేవారికి ముందే ఒక మెయిల్ వస్తే ఎంత బాగుంటుంది! పెళ్ళిలో స్పీకరును సరిగ్గా భోజనాల బంతి నెత్తి మీద కట్టేవారికి ఒక మెయిల్! మా మహాదేవి చేసే బొరుగుల ఉగ్గానిలో ఉప్పు సంగతి నా తరఫున అదే రాస్తే? ఆ మాట చెప్పి ప్రాణాలతో బయటపడే శక్తి లోకంలో దానికొక్కదానికే ఉంది!

మొన్న బసప్ప మేడ మీద కొత్త బట్టల షోరూం తెరిచాడు. నేనూ, పల్లవీ పోయాం. మెట్లెక్కుతుంటే, ఆఖరి మెట్టు మీద దూలం టంగుమని నా నుదుటికి తగిలింది. బసప్ప పొట్టివాడు. రోజూ ఎక్కి దిగాడు, అతనికెక్కడా తగల్లేదు! వచ్చిన ప్రతి మనిషీ నుదురు రుద్దుకుంటూ లోపలికి రావడం, బసప్ప చెయ్యి పట్టుకుని బాగుందనడం.

“ఆ రోబోతో బసప్పకు ఒక మెయిల్ కొట్టించకూడదామ్మా?” అని పల్లవి చెవిలో అడిగాను.

“దానికి దూలాలు తెలీవు పెద్దనాయనా. నువ్వే సెప్పు. నీకు నోరుండాది కదా.”

చెప్పాలనే పోయాను. బసప్ప కళ్ళు మెరుస్తున్నాయి. భోజనాల బంతి దగ్గర “ఎట్లుండాదప్పా?” అని అడిగాడు. నా నుదుటి మీద బొప్పి సలుపుతోంది.

“బ్రహ్మాండంగా ఉండాదప్పా” అన్నాను.

అతను సంతోషంతో నా ఆకులో ఇంకొక ఓళిగ, అదే బొబ్బట్టు, వేయించాడు.

ఇక చివరి లెక్క. పోయింది, నా పనిలో తప్పు దొర్లదన్న నమ్మకం. వచ్చినవి, గేటు ముందర ఒక బర్రెల మడుగు, నుదుటి మీద ఒక బొప్పి, కడుపులో రెండు ఓళిగలు. ఇంకొక లాభం కూడా ఉంది. దూలం సంగతి ఇప్పుడు పేపరు చదివే మీ అందరికీ తెలిసింది.

బసప్ప పేపరు చదవడు. అందుకే ఇంత ధైర్యంగా రాశాను!