కాత్యాయని ముగ్గులో దారి

శుక్రవారం ఉదయం ఆఫీసుకని స్కూటరెక్కిన భీమశంకరం, ఇంటిముందు భార్య కాత్యాయని వేసిన మెలికల ముగ్గులోకి వెళ్ళి, బయటికి దారిలేక అందులోనే తిరగసాగాడు. ఇందులో వింతేమీ లేదు. రోడ్డుమీద తెల్లగీత ఎటు పోతే బండి అటే పోవాలని ఆ ఊరి మున్సిపాలిటీ అంతకుముందే నిబంధన పెట్టింది. బళ్ళు ఆ నిబంధనకి బుద్ధిగా అలవాటుపడ్డాయి. శుక్రవారం కదా అని కాత్యాయని ముగ్గు కాస్త పెద్దదే వేసింది, సగం వీధి పట్టింది. గేటు దాటుతూనే స్కూటరు చక్రం గీతని తాకింది, అంతే. శంకరం హ్యాండిల్ ఎటు తిప్పినా చక్రం గీత వదల్లేదు. వెనకాలే వచ్చిన ఆటోడ్రైవరు సిలార్ బండి కూడా గీత పట్టుకుంది. ఇద్దరూ చుక్కల చుట్టూ, ఒకరికొకరు దారిచ్చుకుంటూ, మర్యాదగా తిరుగుతున్నారు.

ఎండెక్కే వేళకి మున్సిపల్ ఇన్‌స్పెక్టరు పేర్రాజు వచ్చి చలానా రాశాడు. అనుమతి లేకుండా రోడ్డుమీద గీత గీయడం ఒక తప్పు, గీసినదానికి బయటికి దారి పెట్టకపోవడం ఇంకో తప్పు.

"కాస్త దారి వదిలుంటే ఈ గొడవే లేదు కదమ్మా," అన్నాడు.

"ముగ్గుకి దారేంటండీ? మొదలెట్టిన చోటికే తెచ్చి కలపకపోతే అది ముగ్గెలా అవుద్ది?" అంది కాత్యాయని.

గుమ్మం ముందు గీత తెగితే ఇంటికి మంచిది కాదని చిన్నప్పుడు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నేర్పింది. ఆ చేత్తో ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్క గీత వదిలెయ్యలేదు. అతుకెక్కడో వెతికినా కనబడదని వీధంతా మెచ్చుకునేవారు. ఇప్పుడా మెచ్చుకోలే చలానా మీదికెక్కింది.

ఆవిడ లోపలికెళ్ళి బకెట్టుతో నీళ్ళు తెచ్చింది. పేర్రాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"తుడవకూడదమ్మా, అది సాక్ష్యం."

తరవాత ఓపిగ్గా వివరించాడు. చలానా కట్టేస్తే ఆ ముగ్గు రోడ్డేనని ఒప్పుకున్నట్టు. రోడ్డు తీసెయ్యాలంటే కౌన్సిల్ తీర్మానం కావాలి, ఆ కౌన్సిల్ ఇప్పటిదాకా రోడ్లు వెయ్యడానికే తప్ప తియ్యడానికి తీర్మానం చేసిన పాపాన పోలేదు. కట్టకుండా అప్పీలు చేసుకుంటే, తీర్పు వచ్చేదాకా సాక్ష్యం ఉన్నదున్నట్టుండాలి.

"ఏది చేసినా మీ ఇష్టం. బలవంతం ఏమీ లేదు."

"మరి మా ఆయన?"

"రోడ్డుమీదే ఉన్నారు కదండీ. క్షేమంగానే ఉన్నారు."

కాత్యాయని అప్పీలు చేసింది. గెలవాలని కాదు, ఆయన ఇంటికొచ్చి తన పక్కన కూచుని అన్నం తినాలని. అంతకన్నా ఆవిడకేం అక్కర్లేదు.

ప్రతి చుట్టులోనూ శంకరం ఒకసారి గుమ్మం ముందుకొచ్చేవాడు. స్కూటరు ఆగదు గనక ఒక్కో చుట్టుకి ఒక్క మాటకే వీలుండేది. కాఫీ అందించాక, "పంచదార తగ్గింది" అన్న మాట తరవాతి చుట్టులో వచ్చేది. "వేస్తున్నానండీ" అని ఆవిడ అనేలోపు ఆయన అవతలి చుక్క తిరిగిపోయేవాడు. పెట్రోలు డబ్బాలో, భోజనం క్యారేజీలో అందించేది. ఆయన పనిచేసే ఆఫీసులో హాజరుపట్టీలో ఆయన పేరుకెదురుగా "దారిలో ఉన్నారు" అని రాశారు. అది సెలవూ కాదు, పనీ కాదు. పై అధికారి అభ్యంతరం చెప్పలేదు. శంకరం ఆఫీసులో ఉన్న రోజులకీ ఈ రోజులకీ పెద్ద తేడా కనిపించలేదట.

వీధి కూడా సర్దుకుంది. సిలార్ ముగ్గులోనే బేరాలు మొదలెట్టాడు. ఎక్కడికీ వెళ్ళాల్సిన పనిలేని పెద్దవాళ్ళు సాయంత్రంపూట ఆటోలోకి ఎక్కి, నాలుగు చుట్లు తిరిగి, గాలి బాగుందని దిగిపోయేవారు.

కాత్యాయని మాత్రం సర్దుకోలేదు. రెండు కంచాలు పెట్టి, ఒకటి ఖాళీగా ఉండటం చూసి, ముద్ద దిగక లేచిపోయేది. మనిషి కళ్ళెదుటే ఉన్నాడు, ఇంట్లో లేడు. ఏడుపొచ్చేది, ఏడ్చేది. అంతలో ఆయన గుమ్మం ముందుకొచ్చే వేళయ్యేది, కళ్ళు తుడుచుకుని బయటికొచ్చేది.

ఇదిలా ఉండగా టైర్ల కింద ముగ్గు చెరగడం మొదలైంది. పేర్రాజు మళ్ళీ వచ్చి, సాక్ష్యం చెరిగితే బాధ్యత ఆవిడదేనని చెప్పిపోయాడు. ఇహ రోజూ తెల్లారుతూనే ముగ్గుగిన్నె పట్టుకుని, బళ్ళకి అడ్డం రాకుండా వంగి, గీతమీద గీత దిద్దడం ఆవిడ పనయింది. మొగుణ్ణి తిప్పే గీత తానే దిద్దుతున్నానని ఆవిడకి తెలుసు. తెలిసి కూడా ఎక్కడా వంకర పోనివ్వలేదు. చెయ్యి ఊరుకోదు కదా.

అప్పీలు ఎన్నో వాయిదాల తరవాత విచారణకొచ్చింది. అప్పీలు అధికారి ముగ్గు పటం బల్లమీద పరిచి, బయటికి దారుందో లేదో చూద్దామని పెన్ను గీతమీద పెట్టాడు. భోజనాల వేళ దాటినా పెన్ను పైకి రాలేదు. చివరికి ప్యూను పెన్ను కిందినుంచి పటం లాగేశాడు.

"చాలా చక్కగా వేశారమ్మా," అన్నాడు అధికారి, వేళ్ళు విరుచుకుంటూ.

"మా ఆయన్ని ఇంటికి రానివ్వండి, చాలండి," అంది కాత్యాయని.

తీర్పు ఆవిడ పక్షానే వచ్చింది. ఊళ్ళోని రోడ్లన్నీ పరిశీలించగా ఇంటినుంచి ఆఫీసుకి, ఆఫీసునుంచి బజారుకి, బజారునుంచి మళ్ళీ ఇంటికే పోతున్నాయి తప్ప, బయటికి పోయే రోడ్డు ఒక్కటీ కనపడలేదనీ, అలాంటప్పుడు దారి లేకపోవడం ఈవిడ ఒక్కర్తి తప్పు అనలేమనీ రాసి, చలానా కొట్టేశారు. సాక్ష్యం తుడుచుకోవచ్చన్నారు.

కాత్యాయని ఇంటికి పరుగెత్తుకొచ్చి బకెట్టెత్తి నీళ్ళు గుమ్మరించింది. స్కూటరు ఆగిపోయింది. శంకరం దిగి, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చాడు. ఇద్దరూ పక్కపక్కనే కూచుని వంకాయకూరతో అన్నం తిన్నారు. ఆవిడ సంతోషంతో కూర మళ్ళీ మళ్ళీ వడ్డించింది. శంకరం మాత్రం ఒక మాట అని, రెండోది అనడానికి చాలాసేపు ఆగేవాడు.

మర్నాడు ఆయన యథాప్రకారం తయారై గేటు తీశాడు. కడిగిన వీధి ఖాళీగా ఉంది. స్కూటరు స్టార్టు చేసి అలాగే కూచున్నాడు. వెనక సిలార్ కూడా ఆటో ఆపుకుని ఉన్నాడు, లోపల పెద్దవాళ్ళు ఎదురుచూస్తున్నారు.

"ముగ్గెయ్యలేదేంటమ్మగారూ?" అన్నాడు సిలార్.

"మీరు వెళ్ళండి. ఆఫీసు ఎటో మీకు తెలుసు కదండీ," అంది కాత్యాయని మొగుడితో.

శంకరం వీధికి ఆ చివరా ఈ చివరా చూశాడు. "గీత లేకుండా ఎలా వెళ్ళనే?" అన్నాడు. ఆ గొంతులో బెరుకు విని ఆవిడకి భయమేసింది.

ముగ్గుగిన్నె తెచ్చి వంగింది. చుక్కలు పెట్టి, మెలికలు తిప్పి, చిట్టచివర, ఆఫీసు వైపున, బండి పట్టేంత మేర గీత కలపకుండా వదిలేసింది. జన్మలో మొదటిసారి అలా వదిలింది. బళ్ళు కదిలాయి. శంకరం తిరిగి తిరిగి ఆ ఖాళీ దగ్గరికొచ్చాడు. ఎదురుగా రోడ్డంతా తెరిచే ఉంది. స్కూటరు ఆగింది.

"ఏమేవ్, ఇక్కడ తెగింది. చూసుకోలేదా?" అని కేకేశాడు. "వెనక బళ్ళు ఆగిపోయాయి. కలుపు త్వరగా."

కాత్యాయని ఆయన మొహంలోకి చూసింది. ఆయన విసుక్కోవడం లేదు, బతిమాలుతున్నాడు. ఆవిడ వంగి, రెండు కొసలూ అతుకు తెలియకుండా కలిపేసి, ఆయన గుమ్మం ముందుకొచ్చే వేళకి కాఫీ అందించాలని లోపలికెళ్ళింది. ఈసారి పంచదార సరిపడా వేసింది.