రత్నమాలగారి పేరు పడే వేళ

ఆదివారం పొద్దున పది గంటల లోపు ఏ పనీ పెట్టుకోనని రిటైరైన రోజే శ్రీరామమూర్తి ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఆదివారం మాత్రం ఒట్టు తీసి గట్టు మీద పెట్టి ఐదింటికే లేచాడు. సరిగ్గా పది గంటలకు టీవీలో 'మూడోగది తాళం' వేస్తున్నారు. ఆ సినిమాకి కథ, మాటలు రాసింది వాళ్లమ్మ రత్నమాల.

ఆవిడకిప్పుడు ఎనభై ఏడేళ్లు. ఇప్పుడంటే అశోక్ నగర్‌లో సొంత ఫ్లాటు గానీ, 1963లో కాపురం చిక్కడపల్లిలో రెండు గదుల అద్దె ఇంట్లో. పొయ్యి పక్కన పీట వేసుకుని, పప్పు ఉడికేలోగా ఒక సీను చొప్పున సినిమా అంతా రాసి మద్రాసుకు పోస్టులో పంపింది. ఇల్లు కదలని ఇల్లాలు సినిమా రాయడమేమిటని వాళ్లు రెండు ఉత్తరాలు రాసి మరీ ఆశ్చర్యపోయారు. మూడో ఉత్తరంలో కథ తీసుకుంటాం, పేరు మాత్రం మీ ఆయనది వేస్తాం, జనానికి నమ్మకంగా ఉంటుంది అన్నారు. రాసింది నేనైతే పేరు ఆయనదెందుకు, ఆయనకి కాఫీ కలపడం కూడా రాదు అని ఆవిడ ఒక కార్డు ముక్క పడేసింది. దెబ్బకి దిగొచ్చి ఆవిడ పేరే వేశారు. వేశారని చూసినవాళ్లందరూ చెప్పారు. ఆవిడ మాత్రం ఇంతవరకూ చూడలేదు.

నారాయణగూడలో సినిమా విడుదలైన రోజు వర్జ్యం వెళ్లేదాకా అత్తగారు గడప దాటనివ్వలేదు. వీళ్లు హాల్లో అడుగు పెట్టేసరికి పేర్లన్నీ అయిపోయి, హీరోయిన్ బావిలో చేద వేస్తోంది. ఐదోరోజు మళ్లీ వెళ్తే, ఆట త్వరగా ముగించాలని ఆపరేటరు పేర్ల ముక్క కోసి పారేశాడు. తొమ్మిదో రోజున సినిమానే ఎత్తేశారు. ఆ తర్వాత ప్రింటే లేదన్నారు. ఇన్నేళ్లకు ఎవరిదో గోడౌన్లో ఒకటి బయటపడితే టీవీవాళ్లు కొన్నారు. వేసేది ఒక్కసారే, యూట్యూబులో పెట్టరు అని మనవరాలు మహిత ఛానెల్‌కి ఫోన్ చేసి కనుక్కుంది. అందుచేత ఆ పూట ఆ ఇంటిల్లిపాదికీ ఒకటే ధ్యాస. పది గంటలకు నాన్నమ్మ టీవీ ముందుండాలి, తెర మీద ఆవిడ పేరుండాలి. ఉండేది మహా అయితే మూడు సెకన్లు.

శ్రీరామమూర్తి కరెంటాఫీసులో ముప్పయ్యారేళ్లు చేసిన మనిషి. ఆయన ఏర్పాటు చేశాడంటే అందులో వంక పెట్టడానికి ఉండదు, భరించడం వేరే సంగతి. ఇరుగుపొరుగు కూడా వచ్చి చూస్తే అమ్మ సంతోషిస్తుందని సోఫాలు గోడకి తోసి హాలంతా జంఖానా పరిచాడు. సినిమా మధ్యలో కుక్కరు కూత, మిక్సీ రొద వినపడకూడదని ఆ పూట పొయ్యి వెలిగించొద్దన్నాడు. భార్య కాకినాడలో చెల్లెలి ఇంటికి వెళ్లింది గనక ఎదురు చెప్పేవాళ్లు లేరు. టిఫిన్‌కి చిక్కడపల్లి హోటల్లో అరవై ఇడ్లీలు చెప్పాడు. హాల్లో నమ్మదగ్గ ప్లగ్గు ఒకటే ఉందని తేల్చి టీవీ దానికి పెట్టాడు.

ఏడు గంటలకు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందర్నీ పిలుద్దామని కూర్చున్నాడు. అమ్మ ఫొటోల్లో ఆయనకు నచ్చింది సినిమా రాసిన నాటి బ్లాక్ అండ్ వైట్ ఫొటో. అది పెట్టి, కింద 'మా అమ్మ' అని కొట్టి, పక్కన రెండు దణ్ణాల బొమ్మలు అంటించాడు. మిగతా సంగతి రెండో మెసేజిలో తీరిగ్గా రాద్దామనుకునేలోగా ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది. దాన్ని వంటింట్లో ఛార్జింగుకి పెట్టి, ఆ ఊసే మర్చిపోయాడు.

ఏడూ పదికి మూడో అంతస్తు నుంచి మొదటి 'ఓం శాంతి' పడింది. ఏడున్నరకి ముప్పై ఒకటయ్యాయి. కాస్తో కూస్తో అనుమానం మిగిలినవాళ్లకి టీవీ దాన్ని తీర్చేసింది. మన టీవీల సంగతి మనకు తెలియనిదా? మనిషి బతికుండగా వాళ్ల పాత సినిమా వేసిన పాపాన పోరు. తెర కింద 'నేడు ఉదయం 10 గంటలకు మూడోగది తాళం, రచన రత్నమాల' అని అక్షరాలు పరుగెడుతుంటే ఇంక అడగడానికేముంది? పైగా ఇలాంటి విషయం ఇంటివాళ్లకే ఫోన్ చేసి నిజమేనా అని అడిగేటంత మర్యాద తెలియనివాళ్లు ఆ అపార్ట్‌మెంట్‌లో ఒక్కరూ లేరు.

రెండో అంతస్తు సూర్యప్రకాశరావు అసలు అడిగే రకం కాదు. ఆయన చిక్కడపల్లిలో ఒక సాహితీ సంఘానికి కార్యదర్శి. శనివారం సన్మానం, ఆదివారం సంతాపం, ముప్పై ఏళ్లుగా ఇదే వరస. రత్నమాలగారికి సన్మానం చేస్తాం చేస్తాం అంటూనే ఆ ముప్పై ఏళ్లూ గడిపాడు. ఆ తప్పు గుర్తొచ్చి నిజంగానే ఆయన గుండె కలుక్కుమంది. కనీసం సంతాపమన్నా ఘనంగా చెయ్యాలనుకుని రెండు ఫోన్లు చేశాడు. ఒకటి ఛానెల్‌కి, ఆవిడ ఇక లేరని. రెండోది నారాయణగూడకి, ఫ్రీజర్ పెట్టె పంపమని.

తొమ్మిదింబావు నుంచి జనం రావడం మొదలెట్టారు. గుమ్మంలో చెప్పులు విడిచి తొంగి చూస్తే సోఫాలు గోడకి తోసి ఉన్నాయి, నేల మీద జంఖానా ఉంది, వంటింట్లో పొయ్యి వెలగలేదు. లోపల రత్నమాల తలంటుకుంటే మహిత పడుతున్న సాంబ్రాణి పొగ హాల్లోకి వస్తోంది. ఇంకా సాక్ష్యం కావాలా? ఎవరూ గంట నొక్కలేదు, ఎవరూ పలకరించలేదు, తలలు వంచుకుని వరసగా కూర్చున్నారు. పాత సినిమా అంటే ఇంత భక్తా అని శ్రీరామమూర్తికి కళ్లు చెమర్చాయి. ఆ చెమ్మ చూసి నలుగురు ఆడవాళ్లు పైట చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

సూర్యప్రకాశరావు దండ పొట్లం చంకన పెట్టుకుని వచ్చి ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. అమ్మగారెక్కడ అని కళ్లతోనే అడిగాడు. తలంటు అయింది, మా అమ్మాయి పట్టుచీర కడుతోంది అని శ్రీరామమూర్తి గర్వంగా చెప్పాడు.

"ఎన్నింటికండీ?"

"సరిగ్గా పదింటికి."

"మరీ అంత తొందరగానా? బయటూళ్ల నుంచి రావలసినవాళ్లు ఉంటారు కదా."

"మన కోసం ఆపరండి. టైమంటే టైమే."

ఎంత నిబ్బరమండీ ఈ మనిషికి అని సూర్యప్రకాశరావు పక్కవారి చెవిలో అన్నాడు. పదికి ఐదు నిమిషాలుందనగా ఇడ్లీలు వచ్చాయని కింద నుంచి వాచ్‌మన్ కేకేశాడు. లిఫ్టు ఎంతకీ రాకపోవడంతో శ్రీరామమూర్తి మెట్ల మీదుగా దిగాడు. ఆయన అటు దిగడం, లిఫ్టులో పట్టక నిలువుగా నిలబెట్టిన పెట్టెతో గణేశ్ అనే అతను ఇటు హాల్లోకి రావడం ఒకేసారి జరిగాయి.

పెట్టెను జంఖానా మధ్యలో దించి గణేశ్ నాలుగు గోడలూ చూశాడు.

"సార్, ప్లగ్గు ఏడుంది? జర జల్ది పెట్టాలె. సల్లవడేతందుకు అర్ధగంట వడ్తది."

సూర్యప్రకాశరావు టీవీ వంక చూశాడు. అందులో సబ్బు ప్రకటన వస్తోంది, ఎవరో పిల్ల నురగలో గంతులేస్తోంది. ఇలాంటి చోట టీవీ ఏమిటయ్యా అసహ్యంగా, అది పీకి ఇది పెట్టు అన్నాడు. గణేశ్ పీకాడు. గడియారంలో పదికి ఒక్క నిమిషం తక్కువ.

సరిగ్గా అప్పుడు గది తలుపు తెరుచుకుంది. మెంతిరంగు పట్టుచీర కట్టుకుని, తల్లో సన్నజాజులు పెట్టుకుని, మనవరాలి భుజం పట్టుకుని రత్నమాల హాల్లోకి వచ్చింది.

నలభై మంది ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఆ ఇంట్లో పాతికేళ్లుగా గిన్నెలు తోముతున్న మాసమ్మ, మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ముషీరాబాద్ బస్తీలో ఉండే మనిషి, పెట్టె వెనకాలే వచ్చి గుమ్మం దగ్గర కూలబడి గుండెలు బాదుకుంటున్నదల్లా చెయ్యి అలాగే గాల్లో ఆపేసింది.

"అమ్మా, నువ్వు సచ్చిపోయినవన్నరు గదనే."

"ఎవరన్నారు?" అంది రత్నమాల. ఆవిడ పెట్టె వంక చూసింది, సూర్యప్రకాశరావు చేతిలోని దండ వంక చూసింది, ఆఖర్న నల్లగా ఉన్న టీవీ వంక చూసింది. మొదటి రెండింటికీ ఆవిడ మొహంలో ఏమీ మారలేదు. టీవీని చూసినప్పుడు మాత్రం మారింది.

మహిత ఒక్క దూకు దూకి పెట్టె ప్లగ్గు పీకి టీవీది పెట్టింది. కానీ ఆ సెట్‌టాప్ బాక్సు మహా బద్ధకంది. కరెంటు పోయి వస్తే నాలుగు నిమిషాలు చుక్కలు తిప్పుకుంటూ కూర్చుంటుంది. ఇడ్లీ పొట్లాలతో వచ్చిన శ్రీరామమూర్తితో సహా అందరూ ఆ చుక్కలనే చూస్తూ నిలబడ్డారు. బొమ్మ వచ్చేసరికి హీరోయిన్ బావిలో చేద వేస్తోంది.

రత్నమాల మెల్లగా కుర్చీలో కూర్చుంది. "అరవై రెండేళ్లు ఆగానర్రా. అప్పుడు వర్జ్యం అడ్డొచ్చింది, ఇప్పుడు నా శవమే అడ్డొచ్చింది" అంది. ఆవిడ అలా అనడం కొడుకు ఎన్నడూ వినలేదు. ఆయనకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

వెళ్లిపోదామంటే ఎవరికీ కాళ్లు రాలేదు. ఉందామంటే మొహం చెల్లలేదు. ఏం చెయ్యాలో తోచక అందరూ మళ్లీ జంఖానా మీద కూలబడి సినిమా చూడసాగారు. పది నిమిషాలకు ఒకావిడ కిసుక్కుమంది. పావుగంటకి నలుగురు నవ్వారు. అత్తగారు మూడోగది తాళంచెవి మింగేశానని అబద్ధమాడితే, కోడలు ఆ పూట నుంచీ ఆవిడకి అరటిపండ్లు తప్ప ఏమీ పెట్టని సీన్లో సూర్యప్రకాశరావు దండ పక్కన పడేసి పొట్ట పట్టుకున్నాడు. పెట్టె తీసుకుపోవాల్సిన గణేశ్ దాని మీదే కూర్చుని ఇడ్లీ తింటూ నవ్వాడు. రత్నమాల టీవీ చూడటం మానేసి వాళ్ల మొహాలు చూసింది. నారాయణగూడలో ఐదోరోజున హాల్లో ఉన్నది పదకొండు మంది, అందులో ఇద్దరు నిద్రపోయారు.

అప్పుడు సినిమా ఆగింది. ప్రకటనలనుకున్నారు. విషాద వాద్యం మోగింది. 'మూడోగది తాళం రచయిత్రి రత్నమాల ఈ ఉదయం కన్నుమూశారు' అని గొంతు గంభీరంగా పలికింది. సూర్యప్రకాశరావు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఛానెల్ దగ్గర ఆవిడ ఫొటో లేదు. ఏదో ఒకటి చూపించాలి కాబట్టి సినిమా మొదట్లోని పేర్లలో ఆ ఒక్క కార్డును పట్టి ఆపి తెర నిండా పెట్టారు. తెల్లటి అక్షరాలు, చుట్టూ చేత్తో గీసిన మల్లెతీగ.

కథ, మాటలు: రత్నమాల.

శ్రీరామమూర్తి అప్పటికే వంటింట్లోంచి ఫోన్ తెచ్చి ఛానెల్ నెంబరు నొక్కుతున్నాడు.

"ఫోను పెట్టెయ్" అంది తల్లి, తెర మీంచి చూపు తిప్పకుండా.

"అమ్మా, నువ్వు పోయావంటున్నారే."

"విన్నాను. పేరు తీసేదాకా ఆగు."

మూడు సెకన్లు కాదు, నిండా ఒక నిమిషం ఉంచారు. మాసమ్మకి చదువు రాదు. ఆమె మోకాళ్ల మీద టీవీ దాకా జరిగి ఆ అక్షరాల కింద వేలు పెట్టింది.

"గిదేనా అమ్మా నీ పేరు? మస్తు పెద్దగున్నది."

"అదేనే" అంది రత్నమాల. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

ఆ తర్వాత ప్రతి ప్రకటనల విరామానికీ ఛానెల్‌వాళ్లు ఆవిడ చనిపోయిన సంగతి గుర్తు చేశారు. ప్రతిసారీ మల్లెతీగ, ప్రతిసారీ పేరు, ప్రతిసారీ కొడుకు ఫోన్ ఎత్తడం, తల్లి సినిమా అయ్యాక చెబుదువుగాని అనడం. ఆ లెక్కన ఆవిడ ఆ పొద్దున ఐదుసార్లు పోయింది. 'శుభం' పడ్డాకగానీ ఫోన్ చెయ్యనివ్వలేదు. సూర్యప్రకాశరావు తెచ్చిన దండ వృథా కావడం దేనికని అడిగి మరీ మెడలో వేయించుకుంది. వచ్చే శనివారం సన్మానమని ఆయన అక్కడికక్కడే ప్రకటించాడు. వాయిదా వేస్తే ఈసారి నిజంగా పోతానని ఆవిడ హెచ్చరించింది.

మర్నాడు పొద్దున వార్తల్లో ఛానెల్‌వాళ్లు సవరణ వేశారు. పాతతరం సినీ రచయిత్రి ఒకరు క్షేమంగానే ఉన్నారని చెప్పారు. పేరు మాత్రం వెయ్యలేదు.