తూము చెక్క ఐదుసార్లు కూలిన వైనం

ఒక పెద్ద అడవిలో, పెద్దది అంటే ఏ మూల ఎవరేం చేస్తున్నారో సింహానికి కూడా తెలియనంత పెద్దది, పనులన్నీ ఎలాగోలా జరిగిపోయేవి. అడవికోడి కూసేది. చీమలు దారులు ఊడ్చేవి. వడ్రంగిపిట్ట పుచ్చిన చెట్లను కొట్టి చూసేది. ఎవరి పని ఎలా చేయాలో వాళ్ళే ఒక మోదుగాకు మీద గీసుకుని గుమ్మానికి గుచ్చుకునేవాళ్ళు. ఆ గీతలు రాసినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేవి కావు. రెండేళ్ళు పోతే రాసినవాళ్ళకూ అర్థమయ్యేవి కావు.

ఏదుపంది సూరమ్మది తూము పని. వాగుకు అడ్డంగా ఒక మట్టికట్ట, కట్టకో రాతి తూము, తూముకో చెక్క. పక్కన నిలబెట్టిన రాయికి కింది నుంచి పైకి ఐదు చిల్లులు, వాటిలో ఒకదాంట్లో వెదురు చీల. నీళ్ళు పెరిగి చీలను తాకితే సూరమ్మ చెక్క ఎత్తాలి, తగ్గితే దించాలి. చీల మామూలుగా మూడో చిల్లులో ఉండేది. వాన వాసన తగిలితే సూరమ్మే దాన్ని రెండో చిల్లుకు దించేది. ఎవర్నీ అడిగేది కాదు. ఆమె బొరియ కట్ట కిందే ఉంది, ఆ జాగ్రత్త ఆమెకు ఒకరు చెప్పాల్సింది కాదు.

ఒకసారి అడవికోడికి జ్వరం వచ్చింది. అది కూయలేదని ఎవరికీ తెలియలేదు, అడవి మొత్తం మిట్టమధ్యాహ్నం లేచింది. వడ్రంగిపిట్ట మాత్రం తన లెక్క ప్రకారం తెల్లారకముందే మొదలుపెట్టి సింహం నిద్ర పాడుచేసింది. సింహానికి కోపం వచ్చి సభ పెట్టించింది.

సభలో నక్క చక్రపాణి లేచాడు. పక్క అడవిలో ఆర్నెల్లు ఉండి వచ్చినవాడు. అక్కడ ఏం చేశాడో ఎవరికీ తెలియదు గానీ, వచ్చాక మాట మారింది.

"ఏలినవారు చిత్తగించాలి. మన అడవిలో పనివాళ్ళకు లోటు లేదు, పద్ధతికే లోటు. రేపటి నుంచి అందరికంటే ముందు నేను లేస్తాను. మిగతా అందర్నీ నేనే లేపుతాను. ఎవరి తర్వాత ఎవరు లేవాలి, ఏం చేయాలి, పని కూలిపోతే ఏం చేయాలి, అన్నీ ఒకే తీరు ఆకు మీద రాసి నాకిస్తే చాలు."

ఎలుగుబంటి భూషణం గుర్రుమన్నాడు. "ఒక జంతువు, ఒక పని, ఒక ఆకు. మా తాత ఇలాగే చేశాడు, మా నాన్నా ఇలాగే చేశాడు. అన్నీ తీసుకెళ్ళి ఒకడి చేతిలో పెడితే వాడికి తలనొప్పి వచ్చిన రోజు అడవంతా పడుకోవాలి."

"భూషణం అన్నా, తమరి ఆకు ఓసారి చదివి వినిపిస్తారా?" అన్నాడు చక్రపాణి వినయంగా.

భూషణం తన ఆకు తీశాడు. ఇటు తిప్పి చూశాడు, అటు తిప్పి చూశాడు. "తేనె గురించే అనుకుంటా," అన్నాడు చివరికి. సభ గొల్లుమంది. అక్కడితో పాత పద్ధతి పని అయిపోయింది.

సూరమ్మ కూడా నవ్వింది. ఇకమీద ఒకరు లేపుతారు, ఒకరు చూసుకుంటారు, తనకు కాస్త ఊపిరాడుతుంది అనుకుంది. నెలలు నిండుతున్నాయి మరి.

వారం తిరక్కుండా కట్ట పక్కన చెక్కలు పేర్చి చక్రపాణికి ఎత్తయిన అరుగు కట్టారు. ఆకులు పట్టుకుని పరుగులు తీయడానికి ఉడతలను పెట్టారు. నిజం చెప్పాలంటే పనులు చక్కబడ్డాయి. కోడి కూయకపోతే ఉడత వెళ్ళి లేపేది. కోడి కూసేదాకా వడ్రంగిపిట్ట ముక్కు కదిపేది కాదు. సింహం హాయిగా నిద్రపోయింది, ఆ తర్వాత పరిపాలన సంగతి మళ్ళీ ఎత్తలేదు.

చిక్కంతా చీల దగ్గర వచ్చింది. చీల లాంటి సర్దుబాట్లు ఎవరూ చేత్తో చేయకూడదన్నాడు చక్రపాణి. ఎవరికేం కావాలో ఆకు మీద రాసి, దానికో అంకె వేసి, మద్దిచెట్టు తొర్రలో పెట్టాలి. ఉడతలు చిన్న అంకె నుంచి పెద్ద అంకె దాకా వరసగా చదువుతాయి. ఆఖర్న చదివిందే చెల్లుతుంది.

చక్రపాణి పది అంకె వేసి 'మూడో చిల్లు' అని పెట్టాడు. సూరమ్మకు సంతోషమే.

మర్నాడు అడవిబర్రె భద్రమ్మ అరవై అంకె వేసి 'ఐదో చిల్లు' అని పెట్టింది. నీళ్ళు నిండుగా ఉంటేనే ఆమెకు పొర్లడానికి సుఖం. కొంగ జపయ్యకు లోతు నీళ్ళు పనికిరావు, చేపలు కనపడవు. అతను డెబ్బై వేసి 'ఒకటో చిల్లు' అన్నాడు. భద్రమ్మ ఎనభై వేసింది. జపయ్య తొంభై వేశాడు. భద్రమ్మ తొంభైతొమ్మిది వేసి వెళ్ళి బురదలో పడుకుంది.

జపయ్య ఆలోచించి వంద వేసుకొచ్చాడు. పెద్ద ఉడత చారయ్య ఆ ఆకును తీసుకుని పదికి పక్కన, అరవైకి ముందు దోపాడు.

"అదేంటయ్యా, వంద పెద్దది కదా?"

"మేం మొదటి అంకె చూసి పేరుస్తాం బాబాయ్. ఒకటితో మొదలైందంటే ముందు వరసే."

జపయ్య సాయంత్రం దాకా వాదించి వెళ్ళిపోయాడు. చీల ఐదో చిల్లులో ఉండిపోయింది. దాని పైన ఇక కట్ట అంచే ఉంది.

సూరమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టారు. మూడో రోజు పొద్దున వాన పట్టుకుంది. మధ్యాహ్నానికి నీళ్ళు నాలుగో చిల్లు దాటాయి. బొరియ పైకప్పు నుంచి మట్టి తడిసి చుక్కలు చుక్కలుగా పిల్లల మీద పడుతోంది. వాళ్ళ ముళ్ళు ఇంకా గట్టిపడలేదు. ఆ పసిగుడ్లను చలివానలోకి తీసుకెళ్తే బతకరు, కట్ట తెగితే లోపలా బతకరు. 

సూరమ్మ పరుగున వెళ్ళి చీలను రెండో చిల్లుకు దించి చెక్క ఎత్తింది. ఆమె వెనక్కి తిరిగేలోపు చారయ్య వచ్చి చీలను ఐదో చిల్లులో పెట్టి చెక్క దించేశాడు.

"చేత్తో పెట్టినవి చెల్లవత్తా. తొర్రలో ఏముంటే అదే."

మళ్ళీ ఎత్తింది. మళ్ళీ దించాడు. మూడోసారి కూడా అంతే. సూరమ్మ ముళ్ళు నిక్కబొడుచుకుని నేరుగా అరుగు దగ్గరికి వెళ్ళింది.

"చక్రపాణిగారూ, కట్ట తెగుతుంది. నా పిల్లలు కింద ఉన్నారు. ఒక్క మాట చెప్పండి, చెక్క ఎత్తుతాను."

"సూరమ్మగారూ, మీ బాధ నాకు తెలియదా? ఒక ఆకు రాసి తొర్రలో పెట్టండి."

"ఏ అంకె వేయను? తొంభైతొమ్మిది మీద భద్రమ్మ కూర్చుంది కదా."

"అది మీరూ భద్రమ్మగారూ మాట్లాడుకోవాలి. నేను నోటిమాట మీద మార్చానంటే రేపు ప్రతివాళ్ళూ నోటితోనే వస్తారు. పద్ధతి అన్నాక పద్ధతే."

సూరమ్మకు ఒళ్ళు మండిపోయింది. తిరిగి తూము దగ్గరికి వచ్చింది. చీల ముట్టుకోకూడదు, చెక్క ఎత్తకూడదు. సరే. చెక్కను కొరక్కూడదని ఏ ఆకులోనూ లేదు. పళ్ళు దించి కరకరా కొరికింది. చెక్క రెండుగా విరిగింది, నీళ్ళు తూములోంచి దుమికాయి.

చారయ్య వచ్చాడు, చూశాడు, తన ఆకు తీశాడు. "చెక్క కూలింది. కూలితే, దగ్గర్లో ఉన్న చెక్క తెచ్చి నిలబెట్టాలి." దగ్గర్లో ఉన్నవి అరుగు చెక్కలే. ఒకటి ఊడదీసి తెచ్చి నిలబెట్టాడు. సూరమ్మ దాన్నీ కొరికేసింది. ఇంకోటి తెచ్చాడు. అదీ విరిగింది.

"నేను కొరుకుతున్నది నీకు కనబడటం లేదా?" అంది సూరమ్మ రొప్పుతూ.

"కనబడుతోందత్తా. ఎందుకు కూలిందో రాయడానికి ఈ ఆకులో చోటు లేదు." చారయ్య మూడో గీత గీశాడు. "ఇంకా రెండే ఉన్నాయి."

"ఏం రెండు?"

"ఒకే పూటలో ఐదుసార్లు కూలితే, దానికి ఎర్ర గుర్తు పెట్టి ఇక దాని జోలికి పోవద్దని ఉంది."

సూరమ్మ పళ్ళు సలుపుతున్నాయి. అయినా నవ్వొచ్చింది. "అయితే తొందరగా తే నాయనా," అంది.

నాలుగోదీ అయింది. ఐదో చెక్క కోసం ఉడతలు వెళ్ళేసరికి అరుగుకు ఒకటే మిగిలింది. దాని మీద చక్రపాణి కూర్చుని ఉన్నాడు.

"ఒరే, ఇది నా ఆసనం."

"దగ్గర్లో ఉన్న చెక్క అని మీరే రాశారండీ," అని చారయ్య లాగాడు. చక్రపాణి బురదలో వెల్లకిలా పడ్డాడు.

ఐదో చెక్క విరిగింది. చారయ్య తూము రాయికి ఎర్రమట్టి బొట్టు పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు. నీళ్ళు నాలుగో చిల్లు దిగాయి, మూడోదీ దిగాయి, రెండోదానికి వచ్చి నిలిచాయి. సూరమ్మ బొరియలోకి దూరి పిల్లలిద్దర్నీ పొట్టకు అదుముకుని ఏడ్చింది.

వాన వెలిశాక సభ జరిగింది. చక్రపాణి తోకకు అంటిన బురద ఇంకా ఆరలేదు, గొంతు మాత్రం తడబడలేదు. "తూము చెక్క ఐదుసార్లు కూలింది. పద్ధతి ప్రకారం వదిలేశాం. కట్ట క్షేమం."

"అంటే, వదిలేయడం వల్లే కట్ట నిలిచిందన్నమాట," అంది సింహం. "ఎంత ముందుచూపు!"

చక్రపాణికి పదకొండు చెక్కల కొత్త అరుగు మంజూరైంది. సూరమ్మకు కొత్త ఆకు అందింది. పెద్ద వాన పడినప్పుడల్లా ఆమె చెక్కను ఐదుసార్లు కొరికి కూల్చాలి, నాలుగుసార్లే కూలిస్తే సంజాయిషీ ఇచ్చుకోవాలి.

"అసలు వానాకాలం చెక్క పెట్టకపోతే సరిపోదా?" అని అడిగింది సూరమ్మ.

"అప్పుడిక మేం నడపడానికి ఏముంటుంది సూరమ్మగారూ?" అన్నాడు చక్రపాణి.

నీతి: ఏ పద్ధతి అయినా దివ్యంగా నడుస్తుంది, దాన్ని పళ్ళరిగేలా కొరికి కూల్చేవాళ్ళు కింద ఒకరుంటే.