నట్టనడుమ బొట్టు

ఆ శుక్రవారం ఉదయం వరూధిని వేసుకున్న పథకం చాలా చిన్నది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని హాస్టల్లో ఉప్మా తినాలి. బొమ్మసంద్ర బస్సులో కిటికీ పక్క సీటు దొరికించుకోవాలి. ఫ్యాక్టరీలో పూజ కాగానే మిషన్ నడిపి చూపించాలి. ఈ మధ్యలో ఎవరితోనూ మాట్లాడకుండా, సాయంత్రానికి ఉద్యోగం పక్కా చేయించుకుని వెనక్కి వచ్చేయాలి.

మాట్లాడకపోవడం ఆమెకు కొత్త కాదు. మదనపల్లె అవతల ఒక పల్లెలో చదువుకుని, ప్యాకింగ్ మిషన్లు తయారుచేసే ఈ కంపెనీలో చేరి దాదాపు ఏడాది కావస్తోంది. ఇంతవరకూ ఆమె నోటి నుంచి వచ్చినవి "ఎస్ సార్", "ఓకే సార్" అనే రెండు మాటలే. మిషన్లకు సాఫ్ట్‌వేర్ రాసే పని కాబట్టి అవి సరిపోయాయి. మిషన్లు తిరిగి ప్రశ్నలు వేయవు. కానీ ప్రొబేషన్ ఈ రోజుతో ఆఖరు. చిక్కీ పొట్లాలు చుట్టే కొత్త మిషన్‌ను హిందూపురం వ్యాపారి ఓబళప్ప ఇవాళ చూసి మెచ్చుకుంటే ఆమె పర్మనెంటు. నచ్చకపోతే ఊళ్లో బాలవాడి టీచరు పోస్టు ఖాళీగా ఉందని నాన్న అప్పుడే రెండుసార్లు ఫోన్ చేశాడు.

ఆమె పైఅధికారి భుజంగరావు తెనాలి మనిషి. క్రితం ఏడాది, అంటే రెండువేల నాలుగులో, వైట్‌ఫీల్డ్‌లో జరిగిన ఒక సెమినార్‌కు వెళ్లి మారిన మనిషై తిరిగొచ్చాడు. అంతకుముందు కంపెనీలో ఏ మిషన్ సాఫ్ట్‌వేర్ దానిదే. ఎవరు రాస్తే వాళ్ల పద్ధతి. బిస్కెట్ మిషన్‌కు తెలిసిన మాట అగరొత్తుల మిషన్‌కు తెలియదు. సెమినార్ తర్వాత భుజంగరావు అన్నిటినీ ముక్కలు చేశాడు. వస్తువు అందించే ముక్క, చుట్టే ముక్క, పెట్టెలో పేర్చే ముక్క. ఒక్కొక్కటీ ఒక మాడ్యూల్. అన్నిటికీ ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే భాష, ఒకే క్రమశిక్షణ. ఒకటి ఆగితే అన్నీ ఆగాలి. ఒకచోట మార్పు చేస్తే అన్నిచోట్లా మారాలి. వస్తువు వచ్చిందో లేదో చూసే చిన్న గాజు కన్ను కూడా ప్రతి మాడ్యూల్‌కూ ముందువైపు నట్టనడుమే ఉండాలి.

"స్టాండర్డ్ అంటే అదమ్మా," అనేవాడు. "మొహం చూడగానే మన బిడ్డ అని తెలిసిపోవాలి."

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. క్యాంటీన్‌లోని టీ మిషన్‌కు, ఫ్యాక్టరీ ముందు జారే గేటుకు కూడా అదే సాఫ్ట్‌వేర్ పెట్టించాడు. వాటికీ నట్టనడుమ కన్ను అమర్చి, మిషన్లతో పాటు ఒకే తీగకు కట్టించాడు. వచ్చిన కస్టమర్ గేటు దగ్గరే మూర్ఛపోవాలని ఆయన కోరిక.

ఇక పూజ సంగతి. పోయిన ఆయుధపూజకు క్యాంటీన్ సొన్నమ్మ ఒక మిషన్‌కు రూపాయంత బొట్టు, మరొకదానికి కందిగింజంత బొట్టు పెట్టింది. భుజంగరావు ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడే పూజకూ ఒక స్టాండర్డ్ రాశాడు. బొట్టు ప్రతి మాడ్యూల్‌కూ, ప్రతి శుభ కాగితానికీ ముందువైపు నట్టనడుమ, పావలా కాసంత, తడి కుంకుమతో ఉండాలి. కన్ను గురించి రాసిన కాగితం ఒక ఫైల్లో ఉంది, బొట్టు గురించి రాసిన కాగితం మరో ఫైల్లో ఉంది. రెండు ఫైళ్లూ ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోలేదు.

ఆ ఉదయం కుంకుమ గిన్నె వరూధిని చేతికిచ్చారు. ఆమెకు ఆ పని నచ్చింది, మాట్లాడక్కర్లేదు కదా. ప్రతి మాడ్యూల్‌కూ, టీ మిషన్‌కూ, గేటుకూ కాగితంలో ఉన్నట్టే బొట్లు పెట్టింది. తల నిండా నిన్న రాత్రి మార్చిన ప్రోగ్రాం తిరుగుతూ ఉంటే వేలు దేని మీద పడుతోందో ఆమె పట్టించుకోలేదు. నట్టనడుమ పడుతోందా లేదా అన్నదొక్కటే చూసుకుంది.

బయట హారన్ మోగింది. ఓబళప్ప టాటా సుమో వచ్చింది.

"మెయిన్ స్విచ్ వెయ్యమ్మా!" భుజంగరావు చేతులు చాపి అన్నాడు. "గేటు, మిషన్, టీ, అన్నీ ఒక్కసారే లేవాలి. కుటుంబం లేచినట్టు లేవాలి."

వరూధిని స్విచ్ వేసింది. గేటు జరిగింది. సుమో ముందుకు కదిలింది. మిషన్ గుర్రుమంది. టీ మిషన్ ఒక బుడగ వదిలింది. అంతలో అన్ని కళ్లకూ ఎర్రగా ఏదో అడ్డం కనిపించింది. ఏదో ఇరుక్కుందనుకుని అన్నీ ఒకే క్షణాన, ఎంతో క్రమశిక్షణతో ఆగిపోయాయి. సగం తెరిచిన గేటులో సుమో సగం లోపల, సగం బయట నిలిచింది.

"ఏందప్పా ఇది, నన్ను ఆడనే నిలబెడతారా?" లోపలి సగం నుంచి ఓబళప్ప గొంతు వినిపించింది. పెద్ద మీసాలు, తెల్లపంచె, నుదుట అడ్డంగా విభూతి. తలుపు గేటుకు ఆనుకుపోయి తెరుచుకోవడం లేదు.

"డెమో మొదలైంది సార్!" భుజంగరావు పరుగున వెళ్లాడు. "ఒకటి ఆగితే అన్నీ ఆగుతాయి. ఇదే మా సిస్టం!"

"ఆగేది బాగుండాది. కదిలేది యెప్పుడు?"

వాచ్‌మన్ మహబూబ్ బాషా గేటును భుజంతో తోయబోయాడు. "ముట్టుకోకయ్యా, అది ఆటోమేటిక్!" అని భుజంగరావు అరిచాడు. "ఆటోమేటిక్ అయితే నన్నెందుకు పెట్టుకున్నారు సార్?" అని బాషా స్టూలు మీద కూర్చున్నాడు. ఓబళప్ప ఎలాగో అవతలి తలుపులోంచి దిగి, పంచె విదిలించుకుని లోపలికి వచ్చాడు.

అప్పుడు చూసింది వరూధిని. చిక్కీ మిషన్ కంటి మీద, తన వేలిముద్రతో సహా, పావలా కాసంత కుంకుమ. పక్క మాడ్యూల్‌కూ అంతే.

"సార్... బొట్టు..."

"బొట్టు బ్రహ్మాండంగా ఉందమ్మా. ముందు మిషన్ సంగతి చూడు."

"కంటి మీద ఉంది సార్. తుడిచేస్తే..."

భుజంగరావు చూశాడు. అర్థమైంది. ఆయన మొహం కూడా కుంకుమ రంగుకు తిరిగింది. ఓబళప్ప నుదుటి విభూతి వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "తుడవడమా? బోణీ నాడు, పూజ చేసిన బొట్టు, కొనడానికొచ్చిన మనిషి ఎదురుగానా? ఆయన శకునాలు చూసే మనిషి. ఇటునుంచి ఇటే హిందూపురం వెళ్లిపోతాడు, నీ పర్మనెంటు కూడా ఆ సుమోలోనే పోతుంది."

"మరి..."

"సాఫ్ట్‌వేర్‌లో చూడమ్మా. ఆ కన్ను ఏం చెప్పినా వినొద్దని చెప్పు. ఒక్క లైను."

వద్దని చెప్పాలని వరూధిని నోరు తెరిచింది. వచ్చింది మాత్రం "ఓకే సార్".

ఒక్క లైను మార్చింది. ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారాలి కదా, మారింది.

మిషన్ గొప్పగా లేచింది. చిక్కీ వచ్చిందో లేదో చూడాల్సిన పని ఇక దానికి లేదు. చిక్కీలు ఇంకా బెల్టు చివరన ఉండగానే గాలిని చుట్టి, అంటించి, పొట్లాలుగా విసరడం మొదలుపెట్టింది. పేర్చే మాడ్యూల్ వాటిని ఎంతో గౌరవంగా పెట్టెలో సర్దింది. క్యాంటీన్ నుంచి సొన్నమ్మ కేక వినిపించింది.

"అమ్మణ్ణీ! కప్పు పెట్టకుండానే పోస్తాంది! ఆపితే ఆగల్లేదు!"

"బకెట్ పెట్టు!" అని భుజంగరావు అరిచాడు.

"బకెట్ నిండిపాయె సార్! ఇంగ నేనే తాగల్ల!"

గేటు దగ్గర ఇంకో కచేరీ. గేటుకు సుమో కనిపించడం లేదు. మూసుకోబోయి సుమోను ఢీకొంటోంది, వెనక్కి పోతోంది, మళ్లీ వచ్చి ఢీకొంటోంది. ధన్, ధన్, ధన్. లోపలున్న డ్రైవర్ దెబ్బ దెబ్బకూ హారన్ కొడుతున్నాడు. బాషా స్టూలు మీదే ఉన్నాడు. "ముట్టుకోమంటారా సార్?" అని మర్యాదగా అడిగాడు.

ఓబళప్ప ఒక పొట్లం అందుకున్నాడు. నొక్కాడు. తుస్సుమంది. ఇంకొకటి అందుకున్నాడు. అదీ తుస్సే.

"యేమప్పా భుజంగరావూ, యింట్లో చిక్కీ యాడుండాది?"

"అది... లైట్ వెయిట్ వెరైటీ సార్."

"నా పాత మిషన్ గూడా యిట్లనే చేసిందప్పా. శివరాత్రి జాతరలో వుత్త పొట్లాలు అమ్మి, ఊరంతా నన్ను తిట్టి పోసిరి. యింగోసారి తిట్టు తినేదానికి యింత దూరం వస్తినా నేను?" ఓబళప్ప పొట్లం బల్ల మీద పడేసి గేటు వైపు తిరిగాడు.

వరూధినికి ఆ తెల్లపంచె వెనుక బాలవాడి కనిపించింది. చుట్టూ పిల్లల ఏడుపులు కూడా వినిపించాయి. గొంతులో ఏడాదిగా నిలవున్న మాటలన్నీ ఒక్కసారి పైకి తన్నాయి. ఆమె గోడకున్న ఎర్ర మీట మీద అరచేత్తో ఒక్క గుద్దు గుద్దింది. టీ, గేటు, మిషన్ అన్నీ ఠక్కున ఆగాయి.

"బొట్టు నుదుటికి పెడతారు సార్! కంట్లో పెట్టరు!"

హాల్లో అందరూ ఇటు తిరిగారు. అంత గొంతు తనదేనా అని ఆమె కూడా ఒక క్షణం అనుమానపడింది. ఇక వెనక్కి తగ్గే ధైర్యం లేక, చున్నీ కొసతో చిక్కీ మిషన్ కంటి మీది కుంకుమ తుడిచేసింది. భుజంగరావు కళ్లు మూసుకున్నాడు.

ఓబళప్ప వెనక్కి వచ్చాడు. కంటిని చూశాడు, చున్నీని చూశాడు, అమ్మాయిని చూశాడు. "ఆడ బొట్టు పెట్టింది యెవురమ్మా?"

"నేనే సార్."

"యెందుకు పెడితివి?"

"స్టాండర్డ్ సార్."

"మొదట ఆగిపాయె గదా, అదెందుకు?"

"కన్ను కనపడకపోతే ఆగిపోవాలని నేను రాశాను సార్. గాలిని చుట్టింది కన్ను మాట వినొద్దని చెప్పినందుకు."

"అట్ల చెప్పింది యెవురు?"

వరూధిని నేల చూపులు చూసింది. భుజంగరావు సీలింగ్ ఫ్యాను చూశాడు.

ఓబళప్ప మీసాలు కదిలాయి. మొదట పొట్ట ఊగింది, తర్వాత నవ్వు వచ్చింది. "అంటే కండ్లు మూస్తే మిషన్ ఆగుతాది. మనుషులు చెప్తేనే తప్పు చేస్తాది. యిట్లాంటిది నేను యాడా చూడలేదప్పా!" అంటూ భుజం మీది కండువా తీసి రెండో కన్ను తానే తుడిచాడు. "శకునం గికునం ఏమీ ల్యా. దేవునికైనా కంట్లో కుంకం కొడితే దారి కనపడతాదా?"

మూడో కన్ను వరూధిని తుడిచింది. సొన్నమ్మ పైట చెంగుతో టీ మిషన్‌ను తుడిచింది. బాషా ఎట్టకేలకు గేటును ముట్టుకున్నాడు. ఆమె ఆ ఒక్క లైనూ తీసేసి స్విచ్ వేసింది. చిక్కీలు ఒక్కొక్కటే వచ్చాయి, చుట్టుకున్నాయి, పెట్టెలోకి వెళ్లాయి. ఒక పొట్లాన్ని ఓబళప్ప నొక్కాడు. కరకరమంది.

"రెండు మిషన్లు పంపప్పా. గేటు మాత్రం నాకొద్దు. బిగించేదానికి ఈ పాపనే రావల్ల. పర్మనెంటేనా?"

"ఈ క్షణం నుంచి సార్," అన్నాడు భుజంగరావు, ఎప్పుడో అనుకున్న మాటలా.

సాయంత్రం ఆయన వరూధినిని గదికి పిలిచాడు. జరిగినదాని నుంచి నేర్చుకోవలసింది నేర్చుకున్నానన్నాడు. మిషన్లకు బొట్టు ఇకమీదట కంటికి జానెడు పైన. శుభ కాగితాలకు మాత్రం పాత స్టాండర్డే, కాగితాలకు కళ్లుండవు కదా. "కంగ్రాట్స్ అమ్మా," అని కవరు చేతికిచ్చాడు.

"థాంక్యూ సార్," అంది వరూధిని. ఆఫీసు మాటల్లో ఆమెకు అది మూడోది.

బస్సులో కిటికీ పక్క సీటే దొరికింది. కవరు విప్పింది. కాగితానికి నట్టనడుమ, పావలా కాసంత, తడి కుంకుమ బొట్టు. ఉద్యోగం పక్కా అయిందని స్పష్టంగా ఉంది; ఎవరిదన్నది మాత్రం బొట్టు కింద ఉంది.